మంచి సౌండ్ సిస్టం కొనండి, పాటల పీడ వదిలించుకోండి!

ఇంట్లో పాటల గోల భరించలేకపోతున్నారా? అయితే ఇక ఆలోచించకుండా ఓ మంచి ఆడియో సిస్టం కొనండి. అది ఎంత గొప్పదైతే మీ ఇంట్లో పాట అంత త్వరగా నోరు మూసుకుంటుంది!

నవ్వకండి. నేను గాలి మాటలు చెప్పే మనిషిని కాను. కొలంబియా దేశంలోని మా కాలీ నగరంలో, ఒబ్రేరో పేటలో, గోడకి ఆనుకుని ఉన్న పక్కింట్లో ఈ అద్భుతం జరగడం కళ్ళారా చూశాను. చెవులారా విన్నాను అనడానికి లేదు. వినడానికేమీ మిగల్లేదు.

ఆ ఇల్లు పళ్ళ డాక్టరు ఎవెలియోది. మా అబ్బాయికి జ్ఞానస్నానం రోజున వాణ్ణి ఎత్తుకుని నిలబడింది ఆయనే. అందుకని మేం ఒకరినొకరం కొంపాద్రే అని పిలుచుకుంటాం. ఆయన భార్య నుబియా నాకు కొమాద్రే. డెబ్భై దాటిన మనిషి. పాట మొదలైతే మాత్రం ఆవిడ పాదాలు ఎక్కడున్నాయో కనిపెట్టడం మానవమాత్రుడి వల్ల కాదు.

అప్పట్లో ఆదివారం మధ్యాహ్నమైతే సగం పేట వాళ్ళింట్లోనే ఉండేది. ఒకడు గంట తెచ్చేవాడు, ఒకడు గిలక్కాయలు తెచ్చేవాడు, ఏమీ లేనివాడు వంటింట్లోంచి గరిటె, పళ్ళెం తెచ్చుకునేవాడు. రికార్డు తన పాటికి తను పాడుతుంటే వీళ్ళు దాని మీదెక్కి వాయించేవారు. వాళ్ళ దగ్గరున్నది 'రేడియోలా', అంటే రేడియో, రికార్డు ప్లేయరు కలిసిన నాలుగు కాళ్ళ చెక్క పెట్టె. దాని స్పీకరు ఒక పక్క చిరిగింది. సూది ఎగరకుండా దాని చేతి మీద ఒక నాణెం పెట్టేవారు. ఇటు మా అలమారలో కాఫీ కప్పులు కూడా నాట్యం చేసేవి. అలాంటి చోట కూర్చుని ఏ రచయిత అయినా ఒక్క వాక్యం రాయగలడా?

నా మొర దేవుడు విన్నాడు. లీసాండ్రోకి పన్నుపోటు ఇచ్చాడు!

లీసాండ్రో బొగోటా మనిషి, ఆడియో నిపుణుడు. ఆ చలి ఊరివాళ్ళ పద్ధతిలో మా ఎండలో కూడా కోటు విప్పడు. ఏదో పని మీద వచ్చి, దవడ వాచి, ఎవెలియో కుర్చీలో నోరు తెరిచాడు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడు సిస్టం అమ్మి వెళ్ళాడు. నోట్లో దూది పెట్టుకుని అంత అనర్గళంగా మాట్లాడినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

సామాను దిగింది. మనిషెత్తు స్పీకర్లు, తిరగలి రాయంత బరువున్న టర్న్‌టేబుల్, మోచెయ్యంత లావు వైర్లు. నేల మీద టేపుతో ఒక ముక్కోణం అతికించి, దాని కొసన ఒకే ఒక్క కుర్చీ వేశారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికే పాట పాటలా వినిపిస్తుందట. పక్కన నిలబడ్డ పెళ్ళానికి వినిపించేది ఉత్త పుకారు.

రేడియోలాని గుమ్మం బయట పెడుతూ, "దీన్ని చూస్తేనే సిగ్గేస్తోంది, కొంపాద్రే. నీకు పనికొస్తుందేమో చూడు" అన్నాడు ఎవెలియో. నేను నాణ్యత తెలిసినవాణ్ణి. లోపలికి తెచ్చి దాని మీద పువ్వుల కుండీ పెట్టాను.

ఇక ఆ సిస్టం చేసిన మేలు వినండి!

మామూలు పెట్టె పాటని మాత్రమే వినిపిస్తుంది. మంచి సిస్టం పాట రికార్డయిన గదిని కూడా వినిపిస్తుంది. మనకిష్టమైన పాత పాటలు ఎలాంటి గదుల్లో పుట్టాయి? మధ్యలో ఒక్క మైకు, దాని చుట్టూ పన్నెండు మంది. ట్రంపెట్ల ధాటికి మైకు బిక్కచచ్చిపోతుందని వాటిని ఊదే ఇద్దర్నీ వరండాలోకి తరిమేవారు. చిరిగిన స్పీకరులో ఇవన్నీ ఎవరికి తెలిశాయి? ఇప్పుడు తెలిసిపోయింది. కుర్చీ కిర్రుమంది. డప్పులాయన తుమ్మాడు. ఎక్కడో కుక్క మొరిగింది. పైగా వింటున్నవాడు ఎవరు? నలభై ఏళ్ళు జనం నోళ్ళలో పుచ్చు వెతికిన పళ్ళ డాక్టరు! ఇక ఆయన్ని ఆపేవాడెవడు?

ఒకరోజు నన్ను పిలిచి ఆ పవిత్రమైన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"కొంపాద్రే, విన్నావా? వాడు 'స' అన్నప్పుడల్లా టక్కుమంటోంది."

"ఏంటది?"

"కట్టుడు పళ్ళు! పై వరస. వదులుగా ఉన్నాయి. ఎవడు కట్టాడో గానీ, వాడి లైసెన్సు లాక్కోవాలి."

"అది సరే, పాట ఎలా ఉంది?"

"పాటా? ఏ పాట?"

చూశారా పురోగతి! గది నిండా ఉన్న రికార్డుల్లో పుచ్చినవన్నీ పీకేయగా చివరికి గుప్పెడు మిగిలాయి. ఒకటి రైలింజను. ఒకటి గాజు గ్లాసు పగిలిన చప్పుడు. ఒకటి ఏ దేశపావిడో పెద్ద తీగవాయిద్యం పక్కన నిలబడి, ఎవరికో నిద్రాభంగం అవుతుందన్నట్టు గొణగడం. ఇంకొకటి వాన. పోయిన అక్టోబరులో బయట కుండపోతగా కురుస్తుంటే, ఆ చప్పుడు అడ్డొస్తోందని కిటికీలు బిగించి మరీ లోపల వాన రికార్డు విన్నాడు మా ఎవెలియో. నిజమే మరి, బయటి వాన రికార్డింగు అంత బాగోలేదు!

ఇంట్లో ఎంత ప్రశాంతత వచ్చిందనుకున్నారు! ఫ్రిజ్ మూలుగుతోందని ఆపించాడు. పాలు విరిగాయి. విరిగితేనేం, చప్పుడు చెయ్యకుండా విరిగాయి. ఫ్యాను కట్టేయించాడు. గోడ గడియారాన్ని దుప్పటిలో చుట్టాడు. పంజరంలోని పిట్టని మేనకోడలికి దానమిచ్చాడు. చుట్టాలు రావడం మానేశారు, వచ్చినవాళ్ళు ఊపిరి పీల్చడం మానేశారు. గంట పట్టుకొచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేశాడు. పక్కింట్లో నేను రోజుకో వ్యాసం రాసి పడేశాను. అవి ఎలా ఉన్నాయని మాత్రం అడక్కండి.

అంతెందుకు, ఆ సిస్టం వైద్యం కూడా చేసింది! ఒకనాడు ఎవెలియో కళ్ళు మూసుకుని వింటూ వింటూ ఉలిక్కిపడ్డాడు.

"నుబియా, ఆగు ఆగు. పియానోలో ఏదో విరిగినట్టుంది."

"పియానో కాదయ్యా, నా మోకాలు. ఆర్నెల్లుగా విరుగుతూనే ఉంది. ఇవాళ వినపడిందా నీకు?"

పెద్ద డాక్టరు ఫోటోలు తీసి చూసి, లోహపు మోకాలు వెయ్యాల్సిందే అన్నాడు. దాంతో నడవొచ్చు, మెట్లెక్కొచ్చు. గిరగిరా తిరగడాలు, ఎగరడాలు మాత్రం ఇక ఈ జన్మకి లేవు. ఆపరేషనుకి సోమవారం ఖాయం చేశారు. దాని ముందురోజు ఆదివారమే వాళ్ళ పెళ్ళి స్వర్ణోత్సవం!

"ఆదివారం నా పాట పెట్టు. ఒక్కసారి నా పాదాల నిండా ఆడతాను. ఆ తర్వాత కత్తి పెట్టుకుంటాడో రంపమే పెట్టుకుంటాడో వాడిష్టం" అంది నుబియా.

ఆ పాట పేరు 'పొయ్యి మీద చేప'. వంటావిడ వీధిలో డాన్సుకి పోతుంది, పొయ్యి మీద చేప మాడిపోతుంది, కథంతా అంతే. ఇద్దరూ పదహారేళ్ళప్పుడు సోడా తాగుతూ చిందులేసే మధ్యాహ్నపు డాన్సుల్లో ఆ పాటకే ఎవెలియో కాళ్ళు తడబడి నుబియా మీద పడ్డాడు. ఆ పడ్డవాడు ఇప్పటికీ లేవలేదు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో రికార్డులు బయటినుంచి వచ్చేవి. అవి నిమిషానికి ముప్పైమూడు చుట్ల స్పీడులో తిరగాల్సినవి. ఆ స్పీడు మా కాళ్ళకి ఆనలేదు. డాన్సు హాల్లో ఎవడో మీట నలభై అయిదుకి తిప్పాడు. ఊరంతా లేచి నిలబడింది. అప్పటినుంచి మాకు ఆ పాటలన్నీ నలభై అయిదులోనే తెలుసు. గాయకుల గొంతులు కీచుమంటాయి, డప్పులు వడగళ్ళలా పడతాయి, మా పాదాలు వాటికంటే ఓ అడుగు ముందే ఉంటాయి. అసలు గాయకుడే ఊరికొచ్చి పాడితే, ఎవడో నకిలీవాడు వచ్చాడని జనం తిట్టిపోశారని మా నాన్న చెప్పేవాడు.

ఎవెలియోకి పెళ్ళామంటే ప్రాణం. అందులో అనుమానం లేదు. ఎక్కడెక్కడో వాకబు చేసి, గీత కూడా పడని కొత్త రికార్డు తెప్పించాడు. లీసాండ్రోని బొగోటా నుంచి రప్పించాడు. ఆదివారం మధ్యాహ్నం తెల్ల చేతితొడుగులు వేసుకుని, అతిథులందరి ముందూ రికార్డుని పసిబిడ్డలా ఎత్తి పట్టుకున్నాడు.

"నుబియా, యాభై ఏళ్ళుగా తప్పు స్పీడులో విన్నాం. ఇవాళ మొదటిసారి అసలు పాట వింటావు. ముప్పైమూడులో. ఒక్క చుక్క కూడా కల్తీ లేకుండా!"

నుబియా ఎర్ర బూట్లు వేసుకుని ముక్కోణం మధ్యలో నిలబడింది. ఆడవాళ్ళు కుర్చీలు వెనక్కి జరిపారు. మగవాళ్ళు గ్లాసులు కింద పెట్టారు. సూది దిగింది.

నాణ్యత అంటే అదీ! కుర్చీ కిర్రుమనడం ఎంత స్పష్టంగా ఉందంటే, లేచి నిలబడి నా కుర్చీ ఇవ్వబోయాను. కుక్క మొరిగితే వెనక్కి తిరిగి చూశాను. ఆ తర్వాత పాట వచ్చింది. నడుం నొప్పితో మెట్లెక్కుతున్న ముసలాయనలా మెల్లగా, బొంగురుగా వచ్చింది. అందరూ ఒక కాలు ఎత్తారు. దించడానికి దెబ్బ పడాలి కదా? పడలేదు. పేటలోని గొప్ప గొప్ప ఆటగాళ్ళందరూ ఒంటికాలి మీద కొంగల్లా నిలబడి తరువాతి దెబ్బ కోసం ఎదురు చూశారు.

నుబియా మాత్రం ఎత్తిన కాలు దించేసింది.

"ఎవరిదయ్యా ఈ పాట?"

"మనదే! అసలుది! ఇదిగో, ఆ టక్కుమనేది విన్నావా? వీడికీ కట్టుడు పళ్ళే!"

"నలభై అయిదుకి తిప్పు."

ఎవెలియో లీసాండ్రో వైపు చూశాడు. లీసాండ్రో కోటు సర్దుకున్నాడు. "తిప్పడానికి మీట ఉండదండీ. బెల్టు తీసి వేరే చక్రానికి ఎక్కించాలి, మళ్ళీ అంతా తూచి సరిచెయ్యాలి. సాయంత్రానికల్లా అయిపోతుంది" అన్నాడు. ఆ పైన ఊరుకోలేక, "అయినా సెన్యోరా, నలభై అయిదులో వింటే అది వక్రీకరణ అవుతుంది" అన్నాడు.

నుబియా భర్త వైపు తిరిగింది. "నాకు మిగిలింది ఇవాళే, ఎవెలియో" అంది. ఆ గదిలో ఆ సిస్టం ఎన్నడూ వినిపించనంత స్పష్టంగా వినపడింది ఆ మాట.

ఆవిడ కుంటుకుంటూ నా ముందుకొచ్చింది.

"కొంపాద్రే, మా రేడియోలా నీ దగ్గరే ఉందా? లేక విరగ్గొట్టి పొయ్యిలో పెట్టావా?"

"ఉంది కొమాద్రే. దాని మీద పువ్వుల కుండీ..."

"కుండీ సంగతి తర్వాత. నడు!"

నేనూ, గంటవాడూ, పళ్ళెంవాడూ, మరొకరూ తలో కాలూ పట్టుకుని దాన్ని మోసుకొచ్చాం. నుబియా తన బట్టల పెట్టెలోంచి గీతలతో నిండిన పాత రికార్డు తీసింది. ఎవరో సూది చేతి మీద నాణెం పెట్టారు. మీట టక్కున నలభై అయిదు మీద పడింది.

ఏం రికార్డింగది! ముందు నూనెలో అప్పడాలు వేగుతున్న చప్పుడు. ఆ వేపుడులో కుక్కా లేదు, కుర్చీ లేదు, పళ్ళూ లేవు. ఆ వెంటనే చిరిగిన స్పీకరులోంచి ట్రంపెట్లు వరండా గోడ బద్దలుకొట్టుకుని లోపలికొచ్చాయి. గంట మోగింది, పళ్ళెం మోగింది. టేపు ముక్కోణం పాదాల కింద చిరిగి పీలికలైంది. ఎర్ర బూట్లు కనపడడం మానేశాయి. లీసాండ్రో కోటు విప్పాడు!

ఎవెలియో ఒక్కడే ఆ కుర్చీ పక్కన దిక్కు తోచక నిలబడ్డాడు. నుబియా వచ్చి చేతితొడుగుల మీదనే చేతులు పట్టుకుని లాగింది.

"నుబియా, ట్రంపెట్టు కాస్త చెవిలో గుచ్చుకున్నట్టు..."

"నోర్మూసుకుని తిరుగు."

తిరిగాడు. పాట సగంలో మళ్ళీ కాళ్ళు తడబడి ఆవిడ మీద పడ్డాడు. ఆ దెబ్బకి ఇద్దరూ పదహారేళ్ళ వాళ్ళలా పకపకా నవ్వారు. చేప పూర్తిగా మాడిపోయేదాకా ఆడారు. నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆపరేషను బాగా జరిగింది. ఇప్పుడు నుబియా ఆ ఏకైక కుర్చీలో కాలు చాపుకుని కూర్చుని గరిటెతో పళ్ళెం వాయిస్తోంది. ఆవిడకి బదులు పేటంతా ఆడుతోంది. మనిషెత్తు స్పీకర్ల పైభాగం చదునుగా ఉండడంతో కజ్జికాయల్లాంటి ఎంపనాడాల పళ్ళేలు పెట్టుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తున్నాయి. నేను మొదటినుంచీ చెబుతున్నదీ అదేగా, మంచి సిస్టం ఇంటికి శోభ!

కాబట్టి పాఠకులారా, వెంటనే కొనండి. కొన్నాక పాత రేడియోలాని గుమ్మం బయట పెడతారు కదా, పెట్టగానే ముందు నాకు కబురు చెయ్యండి. పక్కింటివాళ్ళు తమది తిరిగివ్వలేదు, నా పువ్వుల కుండీ నేల మీద దిక్కులేకుండా పడి ఉంది. స్పీకరు చిరిగి ఉన్నా ఫరవాలేదు, ఒక కాలు విరిగినా సర్దుకుంటాను. కుండీకి అవేవీ అడ్డం కావు.

నలభై అయిదు మీట మాత్రం పనిచెయ్యాలి.