తొమ్మిది ముప్ఫై రెండుకు రెండు కెమెరాలు

తొమ్మిదిన్నరకు గుడి, పదిన్నరకు కెమెరా దుకాణం, పదకొండుకు డ్యూటీ. ఆ శుక్రవారానికి భిక్షం వేసుకున్న పథకం ఇంతే. ఇందులో ఎక్కడా సినిమా లేదు.

భిక్షం ఉండేది బోరబండలో. ఫిలింనగర్‌లో ఔట్‌డోర్ యూనిట్ వ్యాను తోలుతాడు. షూటింగులకు కెమెరాలు, లైట్లు, వాటి పెట్టెలు మోసే బండి అది. ఇరవై రెండేళ్లలో అతడు మోయని కెమెరా లేదు, నొక్కిన కెమెరా లేదు. కూతురు వందన ఈమధ్యే ఫొటోగ్రఫీ కోర్సు పూర్తిచేసింది. ఆదివారం వెంగళరావు నగర్‌లో ఎవరింట్లోనో పసిబిడ్డను తొట్టెలలో వేస్తున్నారు, ఫొటోలు తీయమని ఆమెను పిలిచారు. పరాయివాళ్లు నమ్మి పిలిచిన మొదటి పని. పని ఉంది, తేదీ ఉంది, కెమెరాయే లేదు.

కృష్ణానగర్‌లో పాత కెమెరాలమ్మే కమలాకర్ దగ్గర వాళ్ల స్తోమతకు అందేవి రెండే ఉన్నాయి. ఒకటి మిర్రర్‌లెస్. కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనే రకమే అయినా లెన్సు విప్పి మార్చుకోవచ్చు. రెండోది చిన్న కాంపాక్ట్. లెన్సు దాని ఒంటికే అతుక్కుని ఉంటుంది, మొత్తం కలిపి చొక్కా జేబులో పడుతుంది. వందన మనసు మొదటిదాని మీద, భిక్షం మనసు రెండోదాని మీద.

"లెన్సు ఊడొచ్చే కెమెరా మనకొద్దు బిడ్డా," అన్నాడు భిక్షం. "ఊడొచ్చిందంటే ఇంకోటి పెట్టబుద్ధయితది. ఇంకోటి కొంటే దానికో పెట్టె. పెట్టె మోయనీకి మనిషి. మనిషికి బత్తా. ఆఖర్కి ఒక వ్యాను. నేను తోలే బండి గట్లనే పుట్టింది."

"గా చిన్నది పట్టుకొని పోతే నన్ను ఫొటోగ్రాఫర్ అనుకోరు బాపూ, చుట్టం అనుకుంటరు. చేతిల పళ్లెం పెట్టి బంతిల కూసోబెడ్తరు," అంది వందన. "మళ్ల తొట్టెల కట్టేది ఇంట్ల. వెలుతురు తక్కువుంటది. గా చిన్నదాంట్ల పిల్లగాడు మసకమసక వస్తడు."

రెండు రోజులు ఇంట్లో ఇదే పంచాయితీ. చివరికి భిక్షం భార్య కౌసల్య పప్పుగుత్తి పక్కన పెట్టి తీర్పు చెప్పింది. "రెండిటికి గుళ్లె పూజ చేయించి, రెండిటితోని దేవుణ్ణి తీయుండ్రి. దేంట్ల దేవుడు మంచిగొస్తే గదే కొనుడు. ఇగ దీని మీద మాట్లాడితే నేను పొయ్యి ముట్టియ్య."

తెలిసిన మనిషే కదా అని కమలాకర్ రెండు కెమెరాలూ ఒక పూటకు ఇచ్చాడు. రెండింట్లోనూ గడియారం సరిచేసి మరీ ఇచ్చాడు. భిక్షం భార్యను, కూతురిని యూనిట్ వ్యానులోనే ఎక్కించుకుని, జూబ్లీహిల్స్ బండల మధ్య ఉన్న చిన్న వినాయకుడి గుడి ముందు ఆపాడు.

ఆ గుడిలో ఏం జరుగుతున్నదో భిక్షానికి తెలియదు. పూజారి కాశీవిశ్వనాథం గారు ఎనిమిదింటి నుంచి గుమ్మంలో నిలబడి రోడ్డుకేసి చూస్తున్నారు. వెంకటేశ్వరరావు అనే నిర్మాత కొత్త సినిమా ఆ పూట ఆ గుడిలోనే మొదలుకావాలి. ముహూర్తం తొమ్మిది ముప్ఫై రెండు నుంచి ముప్ఫై ఆరు వరకు. నిర్మాతతో ఫోనులో మాట్లాడటమే తప్ప ఆయన ముఖం పూజారి చూసింది లేదు. టైము తొమ్మిదీ ఇరవై ఎనిమిది. అప్పుడు సినిమా యూనిట్ వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి పట్టుచీర కట్టిన ఆడమనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న మగమనిషి, కెమెరా పట్టుకున్న అమ్మాయి దిగారు.

"అమ్మయ్య! వచ్చారా బాబూ! ప్రాణం పోయిందనుకోండి. ఏవీ కెమెరాలు?" అని పూజారి ఎదురొచ్చి రెండూ లాక్కుని, బొట్టు పెట్టి తిరిగిచ్చారు. "ఇంత బుల్లివా? పోనీలెండి, ఈ మధ్య ఫోనుతో కూడా తీసేస్తున్నారు. అమ్మా, మీరు క్లాపు. పాపా, నువ్వు స్విచ్చాన్. అయ్యా, మీరు రెండో కెమెరా. తొలి షాటు దేవుడి మీద. కానివ్వండి, కానివ్వండి!"

ఇక్కడ ఎవరైనా "ఆగండి, ఇదేమిటి" అనాలి. భిక్షం అనలేదు. ఇరవై రెండేళ్లుగా కెమెరాకు పూజ అంటే అతడు చూసింది ఇదే. క్లాపు లేని పూజ కూడా ఒకటి ఉంటుందని అతడికి తెలియదు.

"గింత పెద్దగ చేస్తరా?" అని కౌసల్య చెవిలో అడిగింది.

"చేస్తరు. నువ్వు కొట్టు," అన్నాడు భిక్షం దర్జాగా.

క్లాపు పలక నిర్మాత కారులో వస్తున్నదాయె. పూజారి అప్పుడే కొట్టిన కొబ్బరికాయ చిప్పలు రెండూ కౌసల్య చేతిలో పెట్టారు. ఆమె వాటిని ఫెడీమని కొట్టింది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి భిక్షం కాంపాక్ట్ నొక్కేశాడు. వందన మాత్రం నొక్కలేదు. గర్భగుడిలో చీకటి, హారతి వెలుగు. మిర్రర్‌లెస్ ఆమెను ఏదో అడుగుతున్నది, ఆమె ఏదో తిప్పుతున్నది, అది మళ్లీ అడుగుతున్నది.

"నొక్కమ్మా!"

"ఒక్క నిమిషం పంతులుగారూ, వెలుగు సరిచేస్తున్న."

ఆ నిమిషం ఐదు నిమిషాలయింది. చివరికి నొక్కింది. తెర మీద చూస్తే వినాయకుడు లేచి వచ్చేటట్టు ఉన్నాడు. తొండం మీద కుంకుమ, కంట్లో హారతి. భిక్షం పక్కకు తిరిగి తన ఫొటో చూసుకున్నాడు. ముప్పాతిక భాగం అతడి బొటనవేలే. వేలి వెనక నుంచి వినాయకుడి ఒక చెవి కనిపిస్తున్నది. చూసినవాళ్లు లేరని నిర్ధారించుకుని కాంపాక్ట్‌ను జేబులోకి జార్చాడు.

ఈలోగా వాకింగుకు వచ్చినవాళ్లు పాతికమంది పోగయ్యారు. వాళ్లలోంచి జగదాంబ అనే పెద్దావిడ తోసుకుంటూ వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేస్తూ, ఇలాంటి ముహూర్తాల కోసమే రోజూ ఆ గుడికి వస్తుంది.

"బాబ్బాబు, ఇందులో అమ్మ ఉందా?"

"అమ్మ గీడనే ఉంది గదా," అని భిక్షం కౌసల్యను చూపించాడు.

"పోనీ అత్తగారు?"

"ఊర్ల ఉంది. మోకాళ్ల నొప్పులు."

"నేనైతే నొప్పులు లేకుండా చేస్తానండీ!" అని ఆవిడ అతడి చేతులు పట్టుకుంది.

భిక్షం చేతులు విడిపించుకునేలోగా ఆరు కార్లు వచ్చి ఆగాయి. మొదటి దాంట్లోంచి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, ఎర్రబడిన ముఖంతో వెంకటేశ్వరరావు దిగాడు. వెనక దర్శకుడు రవిచంద్ర.

"చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కుపోయామండీ పంతులుగారూ! ముహూర్తం ఉందా?"

పూజారి నిర్మాతను చూశారు. భిక్షాన్ని చూశారు. మళ్లీ నిర్మాతను చూశారు. "మీరు వెంకటేశ్వరరావు గారైతే... ఈయనెవరండీ?"

"నేను భిక్షం. వ్యాను డ్రైవర్ని. కెమెరాకు పూజ చేయిద్దమని అచ్చినం."

నిర్మాత గడియారం చూసుకుని బండ మీద కూలబడ్డాడు. "నా ముహూర్తం! రేపట్నుంచి మూఢం. నలభై రోజుల దాకా మంచి ఘడియ లేదు. అప్పటికి హీరో డేట్లు ఉండవు. నా ముహూర్తం ఈయన వాడేసుకున్నాడయ్యా!"

"మాకేం తెల్సు సార్? మీ పేరు రాసిపెట్టి ఉందా దాని మీద?" అంది కౌసల్య.

తప్పు తన మెడకు చుట్టుకుంటున్నదని గ్రహించిన కాశీవిశ్వనాథం గారు గొంతు సవరించుకున్నారు. "కంగారు పడకండి. ముహూర్తం వృథా పోలేదు. తొలి షాటు పడింది. ఏ కెమెరాలో పడిందో ఆ కెమెరా మీదైతే, ముహూర్తమూ మీదే."

మునిగిపోయేవాడికి తాడు దొరికినట్టు నిర్మాత లేచాడు. వందన చేతిలోని కెమెరా తెర మీద వినాయకుణ్ణి చూసి దండం పెట్టాడు. "అద్భుతం! ఈ కెమెరా ఇవాళ్టి నుంచి మా సినిమాది. ఎంతకు కొన్నావమ్మా?"

"ఇంకా కొనలేదు సార్. దుకాణంల ఇది ఒక్కటే ఉంది. నాకు ఎల్లుండి పనుంది," అంది వందన. కెమెరాను రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

"దుకాణంవాడితో నేను మాట్లాడతాగా. ఎల్లుండికి నువ్వు ఇంకోటి చూసుకో!"

భిక్షం పంట పండింది. మిర్రర్‌లెస్ పోతే ఇంటికి వచ్చేది కాంపాక్టే. నోరు మూసుకుని నిలబడితే చాలు, రెండు రోజుల పంచాయితీ గెలిచినట్టే. అతడు నోరు మూసుకునే నిలబడ్డాడు. కూతురు వైపు చూడకుండా ఉంటే ఇంకాసేపు అలాగే ఉండేవాడు. చూశాడు. వందన ఏడవడం లేదు. చిన్నప్పుడు సూది వేయించుకునే ముందు బిగించినట్టు పెదవులు బిగించింది.

"పంతులూ," అన్నాడు భిక్షం. "ముహూర్తం ఎప్పటిదాంక?"

"ముప్ఫై ఆరు దాకా."

"మా బిడ్డ ఫొటో ఎన్ని గంటలకు పడ్డదో గా డబ్బాలనే చూడుండ్రి."

రవిచంద్ర చూశాడు. తొమ్మిదీ ముప్ఫై ఏడు.

"అంటే ముహూర్తం దాటినంక పడ్డది," అన్నాడు భిక్షం. దేవుడి ఎదుట దొంగసొత్తు తీస్తున్నవాడిలా జేబులో చెయ్యి పెట్టాడు. "మొదలు నొక్కింది నేను. ముప్ఫై రెండుకు. కానీ జర... చూసినంక తిట్టొద్దు."

కాంపాక్ట్ తెర చుట్టూ సినిమావాళ్ల తలలు చేరాయి, వందనకు సందు దొరకలేదు.

"ఇదేంటయ్యా?" అన్నాడు నిర్మాత.

"నా బొటనేలు సార్. ఎనుక దేవుడున్నడు. చెవి కనవడ్తలేదా?"

"నా సినిమాకి తొలి షాటు డ్రైవరు వేలా!"

"సార్, ఒక్క నిమిషం," అని రవిచంద్ర కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఫోర్‌గ్రౌండ్‌లో మనిషి వేలు. బ్యాక్‌గ్రౌండ్‌లో వింటున్న దేవుడి చెవి. ఒక సామాన్యుడు, ఒక మొర! సార్, మనకి ఓపెనింగ్ సీనే లేదని ఆర్నెల్లుగా కొట్టుకుంటున్నాం. ఇదే సార్ ఓపెనింగ్!"

నిర్మాతకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయితే వేలు ముహూర్తంలో పడింది, వినాయకుడు ముహూర్తం దాటాక పడ్డాడు. ఈ రెంటిలో దేనికి మొక్కాలో ఆయనకు తెలుసు. కాంపాక్ట్‌కు పసుపు రాయించి, కళ్లకద్దుకుని, కారు ముందు సీట్లో పెట్టించాడు. దుకాణానికి అక్కణ్ణించే ఫోను చేసి బేరం ముగించాడు. జగదాంబకు అమ్మ వేషం కూడా ఆ ఊపులోనే ఖాయమైపోయింది.

వ్యాను ఎక్కాక భిక్షం బండిని కమలాకర్ దుకాణం వైపు తిప్పాడు.

"గా ఫొటో నాకెందుకు చూపియ్యలే బాపూ?" అంది వందన.

"ఫికర్ చెయ్యకు. సినిమాల చూద్దువు," అన్నాడు భిక్షం.

మిర్రర్‌లెస్ బోరబండకు చేరింది. శనివారం సాయంత్రం రవిచంద్ర దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మూఢంలో పని మొదలుపెట్టకూడదు గానీ మొదలైన పని ఆపకూడదని పూజారి చెప్పారట. రెండో షాటు మొదటిదానికి అతకాలట. దానికి ఏ వేలు పడితే ఆ వేలు పనికిరాదట.

ఆదివారం వందన కొత్త కెమెరాతో వెంగళరావు నగర్‌కు ఆటోలో వెళ్లింది. వ్యానులో దింపుతానన్న తండ్రి ఫిలింనగర్‌లో బొటనవేలికి మేకప్ వేయించుకుంటున్నాడు.