స్విథిన్ పేరుకు ఒక డబ్బా వాన

ఇంగ్లండులోని సోమర్సెట్‌లో ఆపిల్ చెట్ల సంగతి ఎవరికి కావాలన్నా జెత్రో వోల్స్‌నే అడగాలి. పెళ్లాంతో వాదించి గెలిచే సంగతి మాత్రం అతన్ని అడిగి లాభం లేదు.

ముగ్గురు ఆడపిల్లల తరవాత మగపిల్లాడు పుట్టాడు. ఆదివారం బాప్తిస్మం, సెయింట్ స్విథిన్ పండగా ఆ రోజే. వాడికి తన తాత పేరు స్విథిన్ పెట్టాలని జెత్రో పట్టు. తన తండ్రి పేరు హంఫ్రీ పెట్టాలని పెళ్లాం హెట్టీ పట్టు.

"వెయ్యేళ్ల నాటి పేరే. పాత ఇంగ్లీషులో బలవంతుడని అర్థం. వించెస్టర్ బిషప్పు పేరు," అన్నాడు జెత్రో.

"చచ్చాక చూరునీళ్లు పడేచోట పాతిపెట్టమన్న బిషప్పేగా. ఆయన పండగనాడు చినుకు పడితే నలభై రోజులు ముసురంటారు. గడ్డికోతలప్పుడు ఊరంతా నా కొడుకుని తిట్టాలా?"

"మా తాతని ఎవరు తిట్టారు?"

"మీ నాయనమ్మ. నలభై ఏళ్లు."

చివరికి పందెం వేసుకున్నారు. ఆదివారం చర్చి గంట కొట్టేలోగా హెట్టీ మీద ఒక్క చినుకు పడినా స్విథిన్, పడకపోతే హంఫ్రీ. ఆమె వెంటనే సరేనంది. జెత్రో అక్కడే అనుమానించాల్సింది.

"నా మోకాలు గురువారం నుంచీ లాగుతోంది. వాన ఖాయం."

"మరి నిన్న రెండెకరాల గడ్డి కోసి ఆరబెట్టావేం?"

"మోకాలి సంగతి వేరు, గడ్డి సంగతి వేరు."

ఆదివారం తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మోకాలి నొప్పి కూడా పోయింది. జెత్రో నల్లకోటు తొడుక్కుని, మొక్కలకు నీళ్లు చిలకరించే డబ్బా పట్టుకుని, చర్చి దారి మీదికి వంగిన ఆపిల్ చెట్టెక్కాడు. ఆకుల్లోంచి ఏమీ కనబడదు. అడుగుల చప్పుడు వినబడగానే డబ్బా వంచాడు.

కింద ఉన్నది పొరుగు రైతు ఏమస్ పడీ. పడీ గుసగుసలాడితే పక్క ఊరు వింటుంది. అతనిది ఆరెకరాల గడ్డి ఎండలో ఉంది.

"చినుకు పడిందిరోయ్. ఇంక నలభై రోజులు వానే, పోయాం."

చర్చి ఖాళీ అయిపోయింది. పాటలు పాడేవాళ్లు కూడా పండగ బట్టలతోనే పొలాలకు పరిగెత్తి గడ్డి కుప్పలు వేశారు. పాదిరిగారు ఒక్కరే మిగిలారు.

హెట్టీ పిల్లాడితో చెట్టు కిందికొచ్చి ఆగింది.

"ఏమయ్యా, ఆ మబ్బును కిందికి దిగమను."

"ఆపిల్ కాయలకి బాప్తిస్మం ఇస్తున్నా. ఏటా ఈ పండగనాటి వానే వాటికి బాప్తిస్మం ఇస్తుందంటారు కదా, ఇవాళ అది రాలేదు."

"అదే మాట పడీతో చెబుదువుగాని. గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకునే తిరిగొస్తాడు. లేదంటే పాదిరిగారి ముందు హంఫ్రీ అని నువ్వే గట్టిగా చెప్పు. నేను ఏ డబ్బానీ చూళ్లేదు."

తలల్లో గడ్డిపరకలతో అందరూ తిరిగొచ్చాక గంట కొట్టారు. జెత్రో గట్టిగానే చెప్పాడు.

చర్చి బయటికి రాగానే అతని ముక్కు మీద చినుకు పడింది. ఆ వెనకే నిజం వాన. ఊళ్లో గడ్డంతా కుప్పల్లో భద్రంగా ఉంది, ఒక్క జెత్రోది తప్ప.

"ముందే కేకేశా కదా, నీకు వినబళ్లేదా జెత్రో?" అన్నాడు పడీ.

"ఆ మొదటి చినుకు పంపిందెవరనుకున్నావు, అన్నా?" అంది హెట్టీ.

విషయం తెలిసి ఊరంతా పగలబడి నవ్వింది. నవ్వుతూనే అతని గడ్డి ఎత్తడానికి కదిలింది. పిల్లాడు హంఫ్రీయే. ఆ ఊళ్లో ఎవరైనా స్విథిన్ అని పిలిస్తే మాత్రం పలికేది జెత్రో.