వెర్బా పోలింగ్ కేంద్రాన అంట్ల సంగ్రామం

స్వస్తి. గోధుమక్షేత్ర విరాజితంబును, ఉత్తరవాయు ప్రకంపితంబును, వేసవియందు దోమలకును శీతకాలమందు భగవంతునికిని మాత్రమే నివాసయోగ్యంబును అగు కెనడా దేశపు సస్కాచువాన్ రాష్ట్రమున, బ్యాడ్జర్ హిల్స్ అను శాసనసభా నియోజకవర్గంబు గలదు. కొండలు పేరులో ఉన్నవి గాని నేలమీద లేవు. దాని ఎన్నికల చరిత్ర వ్రాయుటకు తాటాకు కట్టలు అక్కరలేదు, బొటనవేలి గోరు చాలును. నీలిపక్షము గెలిచెను. మరల నీలిపక్షము గెలిచెను. ఒకసారి నీలిపక్షపు అభ్యర్థి ఓటరులు పలుకరింపబోగా నిద్రపోవుచు దొరికెను. అప్పుడును అతడే గెలిచెను.

అయినను ఆ వర్గపు ఈశాన్య మూలనున్న వెర్బా గ్రామమున మాత్రము తరతరాలుగా ఘోరసమరము సాగుచున్నది. రాజ్యము కొరకు కాదు, అంట్ల కొరకు. ఏటేటా శరత్కాలమున ఊరి హాలులో టర్కీకోడి విందు జరుగును. వెర్బా పోలింగ్ కేంద్రమున ఏ పక్షమునకు ఓట్లు తక్కువ పడునో, ఆ పక్షమువారు మరుసటి ఎన్నికల దాకా ఆ విందు అంట్లు తోమవలెను. ఇది తాతలనాటి శాసనము. నాటినుండి నేటివరకు తోమినది పచ్చపక్షమే.

ఆ పక్షమునకు శిరోమణి, గోధుమకేసరి, వాతపీడిత జానుద్వయ మహారథి నెస్టర్ బాబియుక్. డెబ్బదియారేండ్లు వచ్చినను ఆ వీరుడు విందుభోజనము వేడిగా తిని యెరుగడు. అతని ధర్మపత్ని టెక్లాయు ఎరుగదు. జిడ్డునీటిలో నాని నాని ఆ ఇల్లాలి వేళ్ళు అల్లపు కొమ్ములవలె వంకరలు పోయినవి. వాటిని చూచినప్పుడెల్ల నెస్టర్‌కు కడుపు తరుక్కుపోవును.

మరి ఓటు వేయరాదా అందురేమో. అచ్చటనే ఉన్నది మెలిక. నెస్టర్ తండ్రియు, పొరుగు పొలపు నీలిపక్ష శార్దూలము మెకెల్వీయు ఒక కోతలకాలమున ఒడంబడిక చేసికొనిరి: నీ ఓటు నా ఓటును కొట్టివేయును, నా ఓటు నీ ఓటును కొట్టివేయును, పని చెడగొట్టుకొననేల, ఇద్దరమును ఇంటనే ఉందము. తండ్రుల మాట కొడుకులకు వేదమయ్యెను. ఎన్నికలనాడు పొద్దు పొడువగానే ఆ మెకెల్వీ కొడుకు గార్నెట్ వచ్చి, నెస్టర్ ట్రక్కుకు అడ్డముగా తన ట్రక్కు నిలిపి, వంటింట కూర్చుండి, పోలింగ్ ముగియు ఎనిమిది గంటల దాకా పేకాడును. ఒకరినొకరు కావలి కాచుకొనుటయే ఆ ఇరువురి ప్రజాస్వామ్యము.

గత ఎన్నికలలో నీలిపక్షము వెర్బాలో ఒకే ఓటుతో గట్టెక్కెను. ఆ ఓటు వేసిన ముసలి పంతులమ్మ ఈ వేసవిలో కూతురితో పట్నము చేరినది. ఇప్పుడు బలాబలములు సమానములు. ఒక్క ఓటు, ఒకే ఒక్క ఓటు, అంట్ల గతిని మార్చగలదు. ఆ సంగతి నెస్టర్‌కు తెలియును. గార్నెట్‌కును తెలియును.

సాయంసమయమయ్యెను. బయట తొలిమంచు కురియుచుండెను. ఉదయమే పొరుగువారి కారులో పోయి ఓటు వేసివచ్చిన టెక్లా పొయ్యికడ కూర్చుండి వేళ్ళకు మందు రాచుకొనుచుండెను.

"ఈసారి కూడా గ్రేవీ గిన్నెలు మనకేనా?" అనెను, ఎవరినీ చూడకుండ.

ఆ మాట నెస్టర్ గుండెలో గునపమై దిగెను. పితృవాక్యమా, పత్నీకరమా? సత్యవ్రతమా, సబ్బునురగయా? ఇట్లు ధర్మసందేహ డోలాయమాన మానసుండై ఆ వీరుడు ముక్కలు క్రింద పెట్టి లేచెను.

"ఎక్కడికిరా?" అనెను గార్నెట్.

"దూడలకి మేత వేసొస్తా."

"నీ దూడల్ని ఎండాకాలంలోనే అమ్మేశావు కదరా."

"అమ్మేశానో లేదో చూసొస్తా."

బయట ట్రక్కుకు ట్రక్కు అడ్డము. అయితే నేమి? కొట్టము ప్రక్కన, కోతలు ముగించి విశ్రమించుచున్న ఏనుగువలె, కోత మిషన్ నిలిచియుండెను. నెస్టర్ మోకాళ్ళ మూలుగును లెక్కింపక నిచ్చెన యెక్కి, సారథియు రథికుడును తానేయై తాళము త్రిప్పెను. భూనభోంతరాళములు దద్దరిల్ల, కుందేళ్ళు దిక్కులు పట్టి పరువులెత్త, ఆ మహారథము నడకకన్న కొంచెము వడిగా కదలెను.

గార్నెట్ తన ట్రక్కులో వెంటబడెను. కాని ఏమి లాభము? మిషన్ వెడల్పు బాట వెడల్పు ఒకటే. ఇరుప్రక్కల కాలువలలో మోకాలిబంటి బురద. దాటుటకు దారిలేక హారన్ శంఖము పూరించి పూరించి, తల బయటపెట్టి గర్జించెను.

"రోడ్డేమన్నా నీ బాబుదట్రా?"

"వేసింది మా నాన్నేరా, గుర్రాలు కట్టి!" అని నెస్టర్ ప్రతిగర్జన చేసెను.

ఇట్లు ముందు ఏనుగు, వెనుక దాని తోకకు కట్టిన కుక్క అన్న చందమున ఆ ఇరువురును పోలింగ్ జరుగు ఆటశాలను చేరిరి. ఊరివారెల్లరు ఎప్పుడో ఓట్లు వేసి పోయిరి. బల్లవెనుక అధికారిణి వెర్నా, టెక్లా చెల్లెలి కూతురు, ఒంటరిగా ఆవులించుచుండెను.

"కార్డు చూపించు పెదనాన్నా."

నెస్టర్ జేబులు తడిమెను. పర్సు ఇంటివద్ద, ఉతికిన ప్యాంటులో.

"నేనెవరో నీకు తెలీదా? నీ బాప్తిస్మానికి నిన్నెత్తుకున్నదే నేను."

"తెలుసు పెదనాన్నా. కానీ నేను అధికారిని, నాకు తెలిస్తే చాలదు. కార్డు లేకపోతే, ఈ కేంద్రం ఓటరు ఇంకొకరెవరైనా నువ్వెవరో ప్రమాణం చేసి చెప్పాలి. రూలు అది."

"ఇంకొకరెవరున్నారిక్కడ?"

తలుపు తెరుచుకొనెను. మంచు దులుపుకొనుచు, రొప్పుచు, గార్నెట్ ప్రవేశించెను.

కథ వినెను. విని, నెస్టర్‌ను తలనుండి బూట్ల దాకా పరికించెను. ఎరుగనన్న ఒక్క మాటయు, ఆపై తన ఓటొక్కటియు చాలును, పచ్చపక్షము మరల జిడ్డులో మునుగును. నెస్టర్ టోపీ తీసి చేత పట్టుకొనెను. మాట తప్పినవాడు ఏ ముఖముతో అడుగును? అతనికి నిజముగనే సిగ్గు వేసెను.

"ఇతను నీకు తెలుసా గార్నెట్ మావయ్యా?" అనెను వెర్నా.

"మాట తప్పినోడు. దూడల్లేకుండా మేత వేసేవాడు. ఇరవయ్యేళ్ళ కిందట పట్టుకెళ్ళిన నా రెంచీ ఇంకా ఇవ్వలేదు." గార్నెట్ ఊపిరి పీల్చుకొని కుడిచేయి ఎత్తెను. "రాసుకో. వీడు నెస్టర్ బాబియుకే. కాదని చెప్పడానికి నాకు నోరు రాదు."

నెస్టర్ మొదట ఓటు వేసెను. పిదప గార్నెట్ చొక్కా జేబునుండి కార్డుతోపాటు మడతలు నలిగిన ఓటరు చీటీ తీసి వెర్నాకు ఇచ్చెను.

"పేకాటకొచ్చినోడివి చీటీ ఎందుకు తెచ్చుకున్నావురా?" అనెను నెస్టర్.

గార్నెట్ చెవులు ఎఱ్ఱబడెను. "ప్రతిసారీ తెచ్చుకుంటాను."

"మరి ఎప్పుడూ లేవలేదే?"

"నువ్వు లేవందే నేనెలా లేస్తాను?"

ఇక ఓట్లు లెక్కించిరి. బ్యాడ్జర్ హిల్స్‌లో నీలిపక్షము వేలాది ఓట్లతో గెలిచెనని రేడియో ఒక్క ముక్కలో చెప్పి వాతావరణమునకు పోయెను. కాని వెర్బాలో? సమానము. నూరేండ్లలో తొలిసారి సమానము. తాతల శాసనము దీనిగూర్చి మౌనము వహించినందున ఊరిపెద్దలు కూర్చుండి తీర్పు చెప్పిరి: ఎవరి ఓట్లు ఒకదానినొకటి కొట్టివేసి ఈ సంకటము మిగిల్చెనో, ఆ ఇద్దరే అంట్లు చూచుకొనవలెను, తక్కినవారెల్లరు కూర్చుండి తినవలెను.

ఆదివారమున హాలు వంటింట, మోచేతుల దాకా నురగతో గార్నెట్ తోముచుండెను. ప్రక్కన నెస్టర్ తువాలుతో తుడుచుచుండెను.

"తోమేది నేను, తుడిచేది నువ్వా? ఇదెక్కడి న్యాయంరా?"

"వచ్చేసారి మారుదాం. ఇదిగో నీ రెంచీ."

వడ్డన కిటికీలోనుండి నెస్టర్ హాలులోకి తొంగిచూచెను. అష్టదిక్పాలకులారా, ఆలకింపుడు. సమస్త గోధుమక్షేత్రములారా, తలలూపుడు. ఆ దినమున బ్యాడ్జర్ హిల్స్ నియోజకవర్గమున, వెర్బా పోలింగ్ కేంద్ర పరిధిలో, మూడవ బల్లకడ, టెక్లా బాబియుక్ ఆవిరులెగయు పళ్ళెము ముందు కూర్చుండి, పొడిచేతులతో, వేడిగా విందుభోజనము తినెను. ఇంకొక్కసారి వడ్డించుకొనెను కూడ.