ఎండ తగలని సౌర కేంద్రం

మా ఊళ్లో సూర్యరశ్మితో నీళ్ల నుంచి హైడ్రోజన్ ఇంధనం తయారు చేసే కేంద్రం ప్రారంభమైన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. ఆ కేంద్రానికి ఒక్క పూట కూడా ఎండ తగలకుండా అధికారులు తీసుకున్న జాగ్రత్తల గురించి మాత్రం పత్రికల్లో రావలసినంతగా రాలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా శాస్త్రం. నేను ముప్ఫై ఏళ్లు బళ్లో వ్యాకరణం చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు అర్థమైన మేరకే చెబుతాను. పలకల మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది. ఆ కరెంటును నీళ్లలోకి పంపితే నీళ్లు రెండు వాయువులుగా విడిపోతాయి. ఒకటి ఆక్సిజన్, దాన్ని గాల్లోకి వదిలేస్తారు. రెండోది హైడ్రోజన్, దాన్ని సిలిండర్లలో పట్టి బస్సులు నడుపుతారు. పొగ ఉండదు, మసి ఉండదు. కావలసినవి ఎండా, నీళ్లూ. ఎండకు మా ఊళ్లో కొదవ లేదు. నీళ్లకు ఉంది. అందుకని మా వీధి బోరు తీసుకున్నారు.

తీసుకున్నారు అనడం మర్యాద కాదు. 'తాత్కాలికంగా అనుసంధానించడమైనది' అని నోటీసులో ఉంది. కేంద్రం వరసగా ఏడు రోజులు ఎండతోనే నడిచినట్టు మీటరు చూపిస్తే దానికి నది నుంచి విడిగా పైపు వేస్తారట, ఆ రోజే మా కుళాయి మాకు తిరిగి ఇచ్చేస్తారట. ఏడు రోజులే కదా అని వీధి వీధంతా ఉదారంగా తలూపింది. ఊపని మనిషి ఒక్కతే, లాండ్రీ అక్కయ్య.

వీధి మలుపులో రెండు గదుల లాండ్రీ ఆమెది. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక గదిలో నాలుగు సిమెంటు తొట్లు, మేడ మీద దండేలు. పెద్దాసుపత్రి దుప్పట్లు రోజూ ఆమే ఉతికి అందించాలి. కుళాయి పోయాక తోపుడు బండి మీద డ్రమ్ములు పెట్టుకుని మూడు వీధుల అవతలి నుంచి నీళ్లు తెచ్చుకునేది. అలా దుప్పట్లు రెండుసార్లు ఆలస్యమయ్యాయి. మూడోసారి ఆలస్యమైతే పని వేరేవాళ్లకు ఇస్తామని ఆసుపత్రివాళ్లు కాగితం పంపారు. ఆమె ఆ కాగితాన్ని ఇస్త్రీ బల్ల ఎదురుగా గోడకు అంటించుకుంది.

ఆమె తమ్ముడే ఆ కేంద్రంలో ఫిట్టరు. తల్లి చిన్నప్పుడే పోతే అక్కయ్యే పెంచింది, ఆ తొట్ల దగ్గర రెక్కలు ముక్కలు చేసుకుని అతనికి పని నేర్పించింది. అంటే అక్క నీళ్లు తమ్ముడి యంత్రం తాగుతోందన్నమాట. ఇంట్లోనే పోటీ పెట్టుకున్నావు కదమ్మా అని మేము ఆమెను వేళాకోళం చేసేవాళ్లం. తమ్ముడు మాత్రం నవ్వేవాడు కాదు. మనిషికి హాస్యప్రియత్వం తక్కువ.

ఇక ప్రారంభోత్సవం. మంత్రిగారు మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు వస్తారని తెలిసి, ఆ వేళకు ఎండ మండిపోతుంది కదా అని ఇంజనీర్లు సంబరపడ్డారు. సరిగ్గా అందుకే మర్యాదల శాఖవారు హడలిపోయారు. మంత్రిగారూ, వారి వెంట వచ్చేవారూ, ఆ వచ్చేవారి వెంట వచ్చేవారూ కూర్చోవలసింది పలకల ముందే. ఫొటోలో పలకలు కనబడాలి, చెమట కనబడకూడదు. కనుక తెల్లగుడ్డ పందిరి వేశారు. వెనక పలకల మెరుపు కెమెరాలో కొడుతోందని ఫొటోగ్రాఫరు విన్నవించుకోవడంతో ఆ పందిరినే నాలుగు వందల పలకల మీదికీ లాగి, ఇనుప స్తంభాలకు గట్టిగా బిగించారు.

మంత్రిగారు మీట నొక్కారు. మీటరు ముల్లు కదల్లేదు. ఫిట్టరు వెళ్లి కేంద్రం డైరెక్టరు గారి చెవిలో పందిరి సంగతి ఊదాడు. డైరెక్టరు గారు ఏ ఎండకా గొడుగు పట్టడంలో చెయ్యి తిరిగినవారు. మంత్రిగారి నెత్తి మీది నీడ తీసే కన్నా డీజిల్ జనరేటరు వేయడం క్షేమమని క్షణంలో గ్రహించారు. ముల్లు లేచింది, చప్పట్లు మోగాయి. పందిరి వెనక నుంచి లేచిన నల్లటి పొగను మంత్రిగారు మబ్బుగా భావించి, ప్రకృతి కూడా హర్షిస్తోందని సెలవిచ్చారు. ఆపైన ఉపన్యసించారు.

“ఈ సూర్యుడు కోట్ల సంవత్సరాలుగా ఊరికే ఉదయిస్తున్నాడు, ఊరికే అస్తమిస్తున్నాడు. గత ప్రభుత్వాలు ఆయన్ను పట్టించుకున్న పాపాన పోలేదు. నేటి నుంచి ఆయనకు మేము పని కల్పిస్తున్నాము. నిరుద్యోగ నిర్మూలనలో ఇది తొలి మెట్టు. చంద్రుడి విషయం కూడా మా పరిశీలనలో ఉంది.”

మంత్రిగారు వెళ్లిపోయారు. పందిరి వెళ్లలేదు. ప్రారంభించిన ఆస్తిని ప్రారంభించిన నాటి స్థితిలోనే కాపాడాలని మా ప్రభుత్వానికో నియమం ఉంది. నాటి స్థితి ఏమిటో తెలియాలంటే నాటి ఫొటో చూడాలి. ఫొటో చూసిన గుమాస్తా ఆస్తుల రిజిస్టరులో 'పలకలు నాలుగు వందలు, పందిరి ఒకటి' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఇక పందిరి తీయడమంటే కేంద్రంలో ఒక భాగం ఊడబీకడమే. ఫిట్టరు అర్జీ పెట్టుకుంటే మర్యాదల శాఖవారు సానుభూతితో జవాబిచ్చారు: పందిళ్లు వేయడం వరకే తమ పరిధి, తీసే శాఖ ఇంకా ఏర్పడలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, పందిరి మాసిపోతోందని తనిఖీలో తేలింది. వారానికి రెండుసార్లు కడగమని ఉత్తర్వు వచ్చింది. కడిగింది మా బోరు నీళ్లతోనే. కింద పలకలు మాత్రం మచ్చుకైనా దుమ్ము లేకుండా, కొన్ననాటి మెరుపుతో ఉండేవి. తనిఖీకి ఎవరైనా వస్తే జనరేటరు గంటసేపు మోగేది, వాళ్లు పోగానే ఆగేది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు కేంద్రం తను గ్యాసూ చేయలేదు, నీళ్లూ వదల్లేదు. పలకలు వేడెక్కకుండా కాపాడే వినూత్న విధానానికి గుర్తింపుగా రాజధానిలో ఒక జ్ఞాపిక ఇచ్చారు. డైరెక్టరు గారు వెళ్లి పుచ్చుకుని వచ్చారు.

ఇంతలో మేము నీడను కనుక్కున్నాం. కేంద్రానికి ప్రహరీగోడ ఇంకా మంజూరు కాలేదు. మొట్టమొదట మా వీధి అభివృద్ధి సంఘం అధ్యక్షుడైన మందుల షాపాయన తన స్కూటరు తెచ్చి పందిరి కింద పెట్టాడు. సాయంత్రం సీటు మీద కూర్చుని, “వెన్న ముద్దలా ఉందండీ మాస్టారూ” అన్నాడు. మర్నాడు నేనూ పెట్టాను. వారం తిరక్కుండా ఎవరి చోటు వారికి ఏర్పడింది, పలకల మధ్య సుద్దగీతలు పడ్డాయి, గీతల మీద తగాదాలు కూడా మొదలయ్యాయి. మధ్యాహ్నం చదరంగం, ఆ తర్వాత చిన్న కునుకు. సంఘం బోర్డు కూడా అక్కడికే మారింది. ప్రభుత్వ పథకం ప్రజల్లోకి ఇంతగా చొచ్చుకుపోవడం నా ఎరుకలో అదే మొదలు.

మూడు నెలలు ఇలా సుఖంగా గడిచాక ఒక సోమవారం పొద్దున్నే ఫిట్టరు నిచ్చెన వేసుకుని పందిరి ముడులు విప్పేశాడు. అంతకుముందు డైరెక్టరు గారి గదికి వెళ్లి చెప్పే వచ్చాడట. ఆయన ఫైలులోంచి తలెత్తకుండా, “మీటరు తిరిగితే నేను చూసినట్టు. ఎవరైనా అడిగితే చూడనట్టు” అన్నారట.

నిజం ఒప్పుకోవాలి. ఆ రోజు కేంద్రం నడిచింది. పలకల మీద తెల్లగా ఎండ పడింది. లోపలి గదిలో గాజు గొట్టాల్లో సన్నటి బుడగలు లేచాయి. జనరేటరు నోరు మూసుకుని ఉండగానే ముల్లు తనంతట తాను పైకెక్కింది. ఫిట్టరు దాని ముందు స్టూలు వేసుకుని, తిండి కూడా అక్కడే తింటూ కూర్చున్నాడు. మంగళవారం నడిచింది. బుధవారం నడిచింది. మా స్కూటరు సీట్లు పెనాల్లా కాలాయి. గురువారం మందుల షాపాయన కూర్చోబోయి లేచిన వైనం వర్ణించడానికి నా వయసు ఒప్పుకోదు.

శుక్రవారం మధ్యాహ్నం, అన్నాళ్లూ కేంద్రం ముందు బొమ్మలా నిలబడ్డ బస్సులో గ్యాసు నింపి వీధుల వెంట ఒక చుట్టు తిప్పారు. చప్పుడు లేదు, పొగ లేదు. వెనక గొట్టం నుంచి నీటి చుక్కలు మాత్రం కారాయి. లాండ్రీ అక్కయ్య తోపుడు బండి పక్కన పెట్టి, గొట్టం కింద అరచెయ్యి పట్టింది. “మన నీళ్లేరా” అంది తమ్ముడితో. ఆ అక్కాతమ్ముళ్లు నవ్వడం వీధిలో మొదటిసారి చూశాం. ఇంకా శని, ఆదివారాలు గడిస్తే ఏడు రోజులూ నిండుతాయి.

ఆ సాయంత్రమే సంఘం అత్యవసర సమావేశం జరిగింది. నీళ్ల కోసం ఎన్నడూ కోరం నిండని సంఘానికి ఆ రోజు కుర్చీలు చాలలేదు. అభివృద్ధికి మేము వ్యతిరేకం కాదని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించి, ఆపైన వ్యతిరేకించారు. నీళ్లు ఎవరో ఒకరు ఎక్కడి నుంచో తెచ్చుకుంటూనే ఉన్నారనీ, నీడ తెచ్చుకునే వీలు లేదనీ మందుల షాపాయన తర్కించాడు. ఎవరో చెబితే ఫిట్టరు పరుగెత్తుకొచ్చాడు, చేతులకు గ్రీజుతోనే.

“రెండు రోజులు ఓపిక పట్టండి” అన్నాడు. “ఐదు అయిపోయాయి. రెండే రెండు. మధ్యలో ఆగితే మీటరు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కుళాయి వస్తే అందరికీ కదండీ వచ్చేది. మీరు చెప్పండి మాస్టారూ, మీ మాట వింటారు.”

అతను నా శిష్యుడే. నేను గొంతు సవరించుకుని, ప్రజాభిప్రాయాన్ని గౌరవించాలని చెప్పాను. తర్వాత అర్జీ రాసే బాధ్యత నా మీద పడింది. ఊళ్లో నాకన్నా తెలుగు బాగా రాసేవారు లేరని వాళ్లే అన్నారు. 'చిరకాలంగా అనుభవిస్తున్న నీడ నుంచి నిర్దాక్షిణ్యంగా వెళ్లగొట్టబడిన పౌరులము' అని మొదలుపెట్టి, 'సూర్యుని దౌర్జన్యం నుంచి వృద్ధులను, వాహనములను కాపాడ ప్రార్థన' అని ముగించాను. చదివి వినిపిస్తే ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. సంతకాలకు కాగితం చాలక వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

మా ప్రభుత్వం ప్రజల మాట వినదని అనేవాళ్లు ఆ శనివారం వచ్చి చూడవలసింది. పొద్దున తొమ్మిదికి అర్జీ ఇస్తే పదికల్లా పందిరి కట్టేశారు. ముల్లు పడుకుంది, మీటరు సున్నాకు వెళ్లింది. పదకొండింటికి ఫిట్టరు సస్పెండయ్యాడు. కాగితంలో నేరం స్పష్టంగానే ఉంది: ప్రభుత్వ సౌర ఫలకములను ఉద్దేశపూర్వకంగా ఎండకు గురిచేయుట. డైరెక్టరు గారు విచారణలో తాను ఏమీ చూడలేదని నిజాయితీగా సాక్ష్యమిచ్చారు.

మంగళవారం దుప్పట్లు మూడోసారి ఆలస్యమయ్యాయి. బుధవారం ఆసుపత్రి వాన్ లాండ్రీ ముందు ఆగకుండా వెళ్లిపోయింది. అక్కయ్య రెండు రోజుల్లో దండేలు విప్పేసి, తొట్లు బోర్లించి, ఎవరి బట్టలు వాళ్లకు ఇచ్చేస్తూ మా ఇంటికీ వచ్చింది. నా చొక్కాలు నాలుగూ ఇస్త్రీ మడత నలగకుండా బల్ల మీద పెట్టింది. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఊరు విడిచి పోతున్నారట. పాపం, నాకు నిజంగానే బాధ కలిగింది. అంత బాగా మడత పెట్టేవాళ్లు ఈ రోజుల్లో దొరకరు. ఏదైనా మంచి మాట చెప్పాలని ఊరడించబోయాను. ఆమె వినకుండా మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగింది.

“కుళాయి కోసం అర్జీ రాసిపెట్టమని మూడు నెలల పాటు మీ గుమ్మం చుట్టూ తిరిగాను మాస్టారూ. కళ్లజోడు బాగాలేదన్నారు. నీడ కోసం రాసినప్పుడు ఎలా కనబడింది?”

దానికి తగిన జవాబు నా దగ్గర ఉంది. నిదానంగా, సోదాహరణంగా చెప్పేవాణ్ణే. కానీ అప్పటికే పదిన్నర దాటింది. ఆలస్యమైతే గీతలకు విలువివ్వని వాళ్లు నా చోట్లో బండి పెట్టేస్తారు. తాళంచెవి తీసుకుని ఆమెను దాటుకుంటూ వెళ్లిపోయాను.

మీరు ఎప్పుడైనా మా ఊరు వస్తే బండి ఎండలో పెట్టకండి. పందిరి కింద ఫిట్టరు నిచ్చెన వేసిన చోటు ఖాళీగానే ఉంది. తాగడానికి మాత్రం నీళ్లు వెంట తెచ్చుకోండి.