సంతకంలో ఉత్సాహం

మనిషి బతికి ఉన్నాడని చెప్పడానికి డాక్టరు చాలు. ఆ బతికున్నవాడు ఫలానావాడేనని చెప్పడానికి మాత్రం నోటరీ ఆఫీసు కావాలి. దేవుడు మనిషిని సృష్టించి ఊరుకున్నాడు. ధ్రువీకరించే పని బ్రెజిల్ గుమాస్తాలకు వదిలేశాడు. మా పెద్రా మాన్సా ఊళ్ళో అందరి సంతకాలూ చిన్న చిన్న అట్టల మీద, నోటరీ ఆఫీసు సొరుగుల్లో భద్రంగా ఉంటాయి. ఏ ముఖ్యమైన కాగితం మీద సంతకం చేసినా, అది సొరుగులో ఉన్నదానితో సరిపోయిందని ముద్ర వేయించుకోవాలి. (సరిపోకపోతే తప్పు మనిషిదే. అట్ట తప్పు చేయదు.)

ఇవొనెచికి ఆ ముద్ర శుక్రవారంలోగా కావలసి వచ్చింది. ఆమె తమ్ముడు జెనేజియో ఊళ్ళో సగం దుకాణాలకు బోర్డులు రాసిన పెయింటరు. ఐదు వారాలుగా మంచం దిగలేదు. పిలిస్తే పలకడు, గడ్డం గీసుకోడు, తెచ్చిపెట్టిన వేడి చీజ్ రొట్టెలు పెట్టినచోటే చల్లారిపోతాయి. ఒకరోజు మాత్రం గోడవైపు తిరిగి, "నేను లేకపోతే నీకు తేలిగ్గా ఉంటుంది కదక్కా," అన్నాడు. అప్పటినుంచి ఆమె అతని గది గుమ్మానికి అడ్డంగా పరుపు వేసుకుని పడుకుంటోంది. ఆమెకు చాలా భయంగా ఉంది.

ఆరోగ్య పథకం వాళ్ళు దయతలచి, మానసిక వైద్యశాలలో ఒక చోటు ఖాళీగా ఉందని, శుక్రవారం దాకా ఆపుతామని చెప్పారు. కావలసిందల్లా తొమ్మిదో నంబరు దరఖాస్తు మీద రోగి సంతకం, దానికి నోటరీ ముద్ర. జెనేజియో చేత పెన్ను పట్టించడానికే ఆమెకు ఒక పూట పట్టింది.

సోమవారం నోటరీ ఆఫీసులో గుమాస్తా వాల్డోమిరో భూతద్దం తీసి, దరఖాస్తునీ అట్టనీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది మీ తమ్ముడు కాదమ్మా," అన్నాడు.

"నా కళ్ళముందే పెట్టాడండీ."

"పెట్టుండొచ్చు. అట్ట మీద చూడండి, మొదటి అక్షరం మీసం మెలేసినట్టుంది. తోక చివరిదాకా పోయింది. మీరు తెచ్చిందేమో చీమ కాలు జారినట్టుంది. ఇందులో ఉత్సాహం లేదు."

"ఉత్సాహం లేకపోవడమే జబ్బు బాబూ."

"అయితే లేదని డాక్టరుచేత రాయించుకురండి."

"డాక్టరు దగ్గరికి పంపడానికే ఈ దరఖాస్తు."

వాల్డోమిరో సానుభూతితో తలాడించాడు. మంచివాడే. (ఇలాంటి చోట్ల అందరూ మంచివాళ్ళే ఉంటారు, అందుకే కోప్పడడానికి ఎవరూ దొరకరు.)

వెనక వరసలో ఉన్న ముసలావిడ ముందుకు వంగింది. "నాకు కీళ్ళవాతం వచ్చాక నా సంతకాన్నీ ఇలాగే తిప్పికొట్టారే అమ్మాయ్. ఇప్పుడు మా కోడలు పెడుతుంది. అచ్చం నాదే. ఒక్కసారీ వెనక్కి పంపలేదు."

వాల్డోమిరో వినలేదు. వినడం ఆ కౌంటరు పని కాదు.

ఇవొనెచికి ఆ దారి నచ్చింది. ఇంటికెళ్ళి రొట్టెల కాగితపు సంచి మీద ఇరవైసార్లు ప్రయత్నించింది. మీసం వచ్చింది గానీ తోక రాలేదు. ఇక చేసేదిలేక, గుమాస్తానే ఇంటికి పంపమని నోటరీ ఆఫీసుకు అర్జీ పెట్టుకుంది. అర్జీ మీద పెట్టిన తన సంతకానికీ ముద్ర వేయించుకుంది.

గురువారం వాల్డోమిరో రిజిస్టరుతో, భూతద్దంతో, చంకలో "నోటరీ ఆఫీసు" అని రాసిన రేకు బోర్డుతో వచ్చాడు. నిబంధన ప్రకారం ఆఫీసు పని ఆఫీసులోనే జరగాలి కాబట్టి, ఎక్కడ బోర్డు పెడితే అదే ఆఫీసు. జెనేజియో మంచం పక్క స్టూలు మీద బోర్డు నిలబెట్టి, ఆఫీసు తెరిచాడు.

"ఈ సంతకం మీరు ఇష్టపూర్వకంగా చేస్తున్నారా?"

"నాకు దేనిమీదా ఇష్టం లేదు," అన్నాడు జెనేజియో.

వాల్డోమిరో కలం ఆగిపోయింది. "ఇష్టం లేనివాళ్ళకి రిజిస్టరులో గడి లేదమ్మా."

"అయిష్టం కూడా లేదు కదండీ. అది రాయండి," అంది ఇవొనెచి.

అతను నిబంధనల పుస్తకం తిరగేసి, అయిష్టం లేకపోవడం చెల్లుతుందని ఒప్పుకున్నాడు. ఈలోగా జెనేజియో బోర్డు వైపు చూస్తున్నాడు. చూసి చూసి మోచేతి మీద లేచాడు.

"ఈ బోర్డు ఎవడు రాశాడు?"

"మా బావమరిదండీ. చేతిపని వాడికి సరదా."

"సరదా అని తెలుస్తూనే ఉంది. మూడో అక్షరం తాగి నిలబడ్డట్టుంది. ఈ వంపు చూడు, పాపం, నడుం విరిగింది. వంపంటే ఎలా ఉండాలో తెలుసా? ఇటివ్వు పెన్ను."

ఇవొనెచి వెంటనే కొత్త దరఖాస్తు అతని చేతికిందకి తోసింది. జెనేజియో కోపంతో సంతకం పెట్టాడు. మీసం మెలేసింది, తోక గీత దాటి, గడి దాటి, "ఆఫీసు వారి ఉపయోగార్థం" అన్నచోటుకి పాకింది. వాల్డోమిరో అట్టతో పోల్చి, "ఇతనే," అని ముద్ర కొట్టాడు. ఇవొనెచి వంటింట్లోకి వెళ్ళి తువాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఐదు వారాల్లో తమ్ముడు ఒకరిని తిట్టడం అదే మొదలు. ఆమెకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. తిరిగి వచ్చేసరికి అతను మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత రెండు రోజులు నోరు విప్పలేదు.

దరఖాస్తు శుక్రవారం చేరింది. మంగళవారం జవాబు వచ్చింది. "సంతకంలో కనబడిన దృఢత్వం, ముఖ్యంగా తోక పొడవు దృష్ట్యా, దరఖాస్తుదారు కోలుకున్నట్లు నిర్ధారించడమైనది. అభినందనలు."

ఇవొనెచి ఆరోగ్య పథకం ఆఫీసుకు ఫోన్ చేసింది. "వాడు మంచం దిగడం లేదమ్మా."

"సంతకం చూస్తే అలా లేదండీ," అంది అవతలి అమ్మాయి. "నేను కూడా అంత ధీమాగా పెట్టలేను."

"మరి ఆ చోటు?"

"ఇంకొకరికి ఇచ్చేశాం. ఆయన వేలిముద్ర వేశారు. వేలిముద్రలో ఆరోగ్యం తెలియదు కదా. మీరు మళ్ళీ దరఖాస్తు చేసుకోండి. ఈసారి కాస్త నీరసంగా పెట్టించండి."

"నీరసంగా పెడితే నోటరీ ముద్ర వేయరు."

"అది నోటరీ వాళ్ళ సంగతండీ."

ఆమె ఫోన్ పెట్టేసి గదిలోకి వెళ్ళింది. గోడ పలచన, జెనేజియో అంతా విన్నాడు.

"తప్పు నాదేలే అక్కా," అన్నాడు, గోడవైపునుంచి తిరగకుండానే. "కాస్త చెత్తగా పెట్టుండాల్సింది. నావల్ల నీకు మళ్ళీ తిరుగుడు."

ఆమె మంచం మీద కూర్చుని అతని పాదం పట్టుకుంది. రెండు ఆఫీసుల్లో పద్నాలుగుమంది చేతులు మారిన ఆ దరఖాస్తు విషయంలో, తప్పు తనదని ఒప్పుకున్నవాడు ఇప్పటికి అతనొక్కడే.