దండెం మీద జడ

పెళ్ళికూతురి జడ సొంతం కాదట. ఈ మాట ఎదురింటి పిన్ని అన్నదని టైలరు భార్య చెప్పింది. టైలరు భార్య అన్నదని ఇస్త్రీ ఆవిడ చెప్పింది. తానే అన్నానని మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. వీధిలో పుట్టే మాటలకు కన్నవాళ్ళుండరు, పెంచినవాళ్ళే ఉంటారు.

ఎదురింటి పిన్నిని అందరూ కిటికీ పిన్ని అంటారు. ఆవిడ ఇంట్లో వంటగది ఎక్కడుందో వీధిలో కొందరికి తెలియదు గానీ, కిటికీ ఎక్కడుందో అందరికీ తెలుసు. ఆదివారం పొద్దున ఆ కిటికీలోంచి చూస్తే, పెళ్ళివారింటి వరండాలో దండెం మీద, రెండు లుంగీల మధ్య బారెడు జడ వేలాడుతోందట, చివర ఎర్ర దారంతో సహా. "తలకాయ లేకుండా జడ ఒక్కటే ఊగుతోందమ్మా! నా గుండె ఆగినంత పనైంది," అన్నదట. గుండె ఆగినంత పనయిందేమో గానీ కాళ్ళు మాత్రం ఆగలేదు. మధ్యాహ్నం లోపల వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగొచ్చింది.

నిజానికి పెళ్ళికూతురి జడ నూటికి నూరుపాళ్ళు సొంతం. మోకాళ్ళు దాటే జుట్టు. రక్త పరీక్షల ల్యాబులో ఉద్యోగం ఆమెది. రోజంతా ఆ జుట్టును చుట్ట చుట్టి టోపీలో కుక్కి, సాయంత్రానికి మెడ పట్టుకుని ఇంటికి వస్తుంది. "కొంచెం కత్తిరించుకుంటానే అమ్మా" అని అడిగినప్పుడల్లా తల్లి, ఎవరో పోయినట్టు కూలబడేది.

ఆ తల్లిని వీధిలో జడమ్మ అంటారు. వయసులో ఉన్నప్పుడు ఆమెదీ అంత జడే. ఆ కథ చెప్పీ చెప్పీ ఆ పేరు మిగిలింది, జుట్టు మాత్రం మిగల్లేదు. ఇప్పుడు ఆమె తల మీద ఉన్నదానితో ఎలుకకు కూడా జడ వేయలేం. కొప్పులో ఉన్నదంతా సవరం. దండెం మీద ఊగిన జడ అదే.

ఈ రహస్యం కట్టుకున్న మొగుడికి కూడా తెలియదని జడమ్మ నమ్మకం. ప్రతి ఆదివారం తలంటుకుని, సవరం ఉతికి, బాత్రూం తలుపు వెనక మేకుకు తగిలించి, పైన తువ్వాలు కప్పేది. తలకు ఇంకో తువ్వాలు చుట్టుకుని వంటింట్లో దూరేది. వంటయ్యేసరికి సవరం పొడిపొడిగా ఆరి ఉండేది. ఆ బాత్రూంలో గాలి బాగా ఆడుతుందని ఆమెకు మహా గర్వం. ఇల్లు చూడవచ్చిన వాళ్ళకు హాలు కన్నా ముందు బాత్రూం చూపించేది.

అలాంటి సవరం దండెం మీదికి ఎలా పోయింది? ఎవరినైనా అడిగితే తనదని ఒప్పుకున్నట్టే. కిటికీ పిన్ని ఎలాగో బాత్రూం వెంటిలేటర్లోంచి చూసి, దండెం మీదని కల్పించి ఉంటుందని తేల్చుకుని, వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టి మేకులు కొట్టింది. అయినా ఆ తర్వాతి ఆదివారం సవరం ఎప్పటిలాగే ఆరింది. గాలంటే గాలే మరి.

మాట వియ్యపురాలి దాకా పోయింది. ఆవిడకు బట్టల కొట్టు ఉంది. కొట్టుకు ఏ సరుకు వచ్చినా రెండు చేతులతో పట్టి ఒక్క గుంజు గుంజి, నిలిస్తేనే దించుకునే మనిషి. ఫోను చేసింది.

"ఏం లేదు వదినగారూ, ఊరికే. అమ్మాయి జడ గురించి ఏదో విన్నాం."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు జడమ్మ చెయ్యి కొప్పు మీదికి పోయింది. "సొంతమేనండీ! దాని జుట్టు దానిదే! కావలిస్తే మీరే పట్టి చూసుకోండి."

"అయ్యో, అదేం మాట! జుట్టు లేకపోతే పిల్ల పనికిరాకుండా పోతుందా? మావాడికి మాత్రం ఏమంత ఉంది? కాకపోతే, జుట్టు దగ్గరే అబద్ధమాడితే మిగతా వాటి సంగతేమిటని మా ఇంట్లో అనుకుంటున్నారు. సర్లెండి, పెళ్ళిరోజు చూద్దాం."

ఆ 'చూద్దాం'లో ఆవిడ రెండు చేతులూ జడమ్మకు కనిపించాయి.

"అసలు మన దండెం మీద ఉన్నదేమిటమ్మా?" అని కూతురు అడిగింది.

"కర్టెను కుచ్చు."

"మనింట్లో కర్టెన్లెక్కడివి?"

"అందుకే తీసేశాం," అంది జడమ్మ.

నిజం ఒక్క ముక్క చెబితే పుకారు అక్కడికక్కడే చచ్చేది. కానీ ఆ ముక్క చెప్పాలంటే కొప్పు విప్పాలి. అంతకన్నా కూతురి జడను వియ్యపురాలి చేతికి అప్పగించడమే తేలికనిపించింది ఆమెకు.

పెళ్ళిరోజు పొద్దున జడమ్మ ప్లాను చాలా సింపుల్. పదింటికి అమ్మాయి తయారవ్వాలి. నెత్తి నుంచి మోకాళ్ళ దాకా పూలజడ, మధ్య మధ్య బిళ్ళలు, చివర కుచ్చులు. వియ్యపురాలు గుంజినా ఇంకెవరు గుంజినా చెక్కుచెదరకూడదు. పెళ్ళికూతురి ప్లాను ఇంకా సింపుల్. మెడ మీద చిన్న ముడి, పక్కన ఒక పువ్వు. ల్యాబులో తోటి అమ్మాయి పెళ్ళికి అలాగే వేసుకుంది, ఫొటో కూడా ఉంది.

"అదేం ముడే, పిడకలా!" అంది తల్లి.

"పిడకైతే తేలిగ్గా ఉంటుంది. నీ జడ వేస్తే నన్ను మండపానికి ఇద్దరు మోసుకుపోవాలి."

"జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనన్నారు."

"అందుకే ఈ కొప్పు పెట్టుకుంటానంటున్నా."

వాదన తెగలేదు. పార్లరమ్మ వచ్చేలోగా జడమ్మే కూతుర్ని కూర్చోబెట్టి, నుదురు కళ్ళ దాకా సాగేలా బిగించి జడ అల్లింది. అంతటితో ఆగితే బాగుండేది. గుంజుడుకు తట్టుకోవాలని మెడ దగ్గర నల్లదారం తీసుకుని, గేదెను రాటకు కట్టినట్టు చుట్ల మీద చుట్లు చుట్టి ముళ్ళు వేసింది.

పార్లరమ్మ పెట్టెతో వీధిలోకి వచ్చేసరికి కిటికీ పిన్ని గేటు దగ్గరే కాచుకుని ఉంది. చెవి దగ్గరకొచ్చి, "చూడమ్మాయ్, పిల్లది సవరం. అడిగితే ఒప్పుకోదు, సిగ్గు. నువ్వే తెలిసీ తెలియనట్టు కానిచ్చెయ్," అంది. పాపం, మంచి మనసుతోనే అంది. చెడ్డ మనసుతో అని ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు.

పార్లరమ్మ పెళ్ళికూతురి మొహానికి తెల్లటి పూత పూసి, కళ్ళ మీద తడి దూది పెట్టి వెనక్కి వాల్చింది. జడమ్మ పూలవాడితో ఫోనులో పోట్లాడుతూ వరండాలోకి పోయింది. పార్లరమ్మ జడ పైకెత్తి చూస్తే మెడ దగ్గర నల్లదారం చుట్లు. అమ్మ దొంగా, ముడి ఇక్కడుందన్నమాట! పిల్లకు సిగ్గు కలగకూడదని మర్యాదగానే అడిగింది.

"అమ్మా, ఈ బరువు తీసేయనా?"

పెళ్ళికూతురికి సగం నిద్ర. "తీసేస్తే మీకు పుణ్యముంటుందండీ."

దారం ముడి ఊడలేదు. కత్తెర తీసింది. దారం తెగింది గానీ జడ రాలేదు. ఇంకొంచెం పైన పెట్టి రెండు చేతులతో నొక్కింది. కరకర మంది. "ఈ మధ్య సవరాలు గట్టిగా చేస్తున్నారు," అని తనలో తాను మెచ్చుకుంది. మూడో పట్టుకు జడ చేతిలోకి వచ్చింది.

"అబ్బ! ప్రాణం లేచొచ్చింది. ఏం చేశారండీ?" అంది పెళ్ళికూతురు.

"సవరం తీశానమ్మా."

"ఎవరిది?"

పార్లరమ్మ చేతిలో ఉన్నదాన్ని తిరగేసి చూసింది. కుట్టు లేదు, అన్నీ తెగిన కొసలే. సరిగ్గా అప్పుడే జడమ్మ లోపలికి వచ్చి కేక పెట్టింది. ఆ కేకకు వరండాలో కూర్చుని చేతి గడియారాలకు చైన్లు బిగిస్తున్న ఆమె భర్త, వాచీ మేస్త్రి, చేతిలో పట్టుకారుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరు కొయ్యమన్నారే నిన్ను!"

"మీ ఎదురింటావిడే ఆంటీ... సవరమని... అమ్మాయి కూడా తీసెయ్యమంది!"

పెళ్ళికూతురు కళ్ళ మీది దూది తీసి అద్దంలో చూసుకుంది. జుట్టు భుజాల దగ్గర ఆగిపోయి ఉంది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "అయిందేదో అయింది. ఇక ఆ చిన్న ముడే వేసెయ్యండి."

"వీల్లేదు!" జడమ్మ జడను గుండెకు హత్తుకుంది. "ఈరోజు పొట్టి జుట్టుతో పోతే కిటికీ పిన్ని మాట నిజమైనట్టే. మీ అత్తగారు జీవితాంతం నిన్ను అబద్ధాలకోరంటుంది. దీన్ని మళ్ళీ అతికించాల్సిందే!"

పార్లరమ్మ గబగబా పిన్నులు గుచ్చింది. జడ జారింది. ఇంకో గుప్పెడు గుచ్చింది. పిన్నులతో సహా జారింది. వాచీ మేస్త్రి కాసేపు చూసి, పట్టుకారు చెవి మీద పెట్టుకున్నాడు.

"అలా నిలవదమ్మా. ముందు ఉన్న జుట్టుతో పిలక జడ వెయ్యి. దాంట్లోకి దీని పాయలు కలిపి అల్లు. పిన్ను కింద నుంచి కాదు, పైనుంచి దోపు."

"మీకెలా తెలుసు అంకుల్?"

"ఏముందమ్మా, చైను చైనే," అన్నాడాయన. ఆ కంగారులో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

మండపంలో వియ్యపురాలు ఎక్కువసేపు ఆగలేదు. "పూలు జారాయమ్మా, సర్దుతా," అంటూ వెనక్కి చేరి, రెండు చేతులా జడ పట్టి, కొట్లో దుప్పటి గుంజినట్టు ఒక్క గుంజు గుంజింది. పెళ్ళికూతురి మొహం కప్పు వైపు తిరిగింది. "అబ్బా!" అని అరిచింది. నిజమైన అరుపు. కళ్ళలో నీళ్ళు కూడా నిజమైనవే.

వియ్యపురాలు ఒకసారి సభ మొత్తాన్నీ చూసింది. "సొంతమే! ముప్పై ఏళ్ళుగా సరుకు పట్టి చూస్తున్నా, నా చెయ్యి ఎప్పుడూ తప్పలేదు."

ఇరవయ్యేళ్ళకు పైగా ఆ జుట్టు తల మీద పెరిగింది, ఎవరూ నమ్మలేదు. తెగి అతుకు పడిన రోజున దానికి సర్టిఫికెట్ దొరికింది. కిటికీ పిన్ని తలవంచుకుని కుర్చీ వెతుక్కుంది.

పెళ్ళి అయిపోయింది. అక్కడితో అంతా చల్లారిపోవలసిందే. కానీ వియ్యపురాలు ఆడవాళ్ళు కూర్చున్న గదిలోకి వచ్చి కోడలి పక్కన చేరి, జడ ఒళ్ళో వేసుకుని నిమరడం మొదలుపెట్టింది. "ఏవేవో కూశారు గానీ, ఎంత బంగారం లాంటి జడ! రేపటి నుంచి రోజూ నేనే దువ్వి వేస్తా తల్లీ."

పెళ్ళికూతురు తల్లి వైపు చూసింది. జడమ్మ వద్దన్నట్టు కళ్ళు పెద్దవి చేసింది. కానీ రోజూ అంటే రోజూ. పెళ్ళికూతురు చేతులు వెనక్కి పెట్టి, ఒక్కో పిన్నూ లాగి, జడను విప్పి అత్తగారి ఒళ్ళోనే వదిలేసింది.

"ఇది నా జుట్టే అత్తయ్యా. పొద్దున దాకా నా తల మీదే ఉంది. పొరపాటున కత్తిరించారు."

వియ్యపురాలు జడనూ కోడలి తలనూ మార్చి మార్చి చూసింది. "పొద్దున కత్తిరించారా! రెండు వారాల కిందట దండెం మీద ఆరింది మరి?"

"అది వేరే..."

"వేరేదైతే ఎవరిదమ్మా? పేరు చెప్పు. పెళ్ళై గంట కాలేదు, అప్పుడే నా చేతుల్నే మోసం చేశారు. నేనిప్పుడు మా వాళ్ళకు ఏమని చెప్పుకోను?"

పెళ్ళికూతురికి తెలిస్తే కదా చెప్పడానికి! గుమ్మంలో కిటికీ పిన్ని మెడ సాగింది. వాచీ మేస్త్రి కూడా సందడి విని వచ్చి నిలబడ్డాడు. జడమ్మ కూతురి మొహం చూసింది. ఆ మొహంలో నీళ్ళు ఈసారి గుంజినందుకు కాదు.

జడమ్మ లేచింది. కొప్పులోంచి మూడు పిన్నులు తీసి పళ్ళ మధ్య పెట్టుకుంది. ఒక్క లాగుతో సవరం బయటికి తీసి వియ్యపురాలి ఒళ్ళో కూతురి జడ పక్కన పడేసింది. తల మీద మిగిలినది ఫాను గాలికి లేచింది.

"దండెం మీద ఆరింది ఇది. నాది. పిల్ల అబద్ధమాడలేదు, ఆడింది నేను."

"ఇదే! చివర ఎర్ర దారం! నేను చూసింది ఇదే అక్కయ్యా!" అంది కిటికీ పిన్ని, తనకు న్యాయం జరిగినందుకు పొంగిపోతూ.

వియ్యపురాలు రెండు జడల్నీ చెరో చేతిలో పట్టుకుని తూచినట్టు చూసింది. అలవాటు చొప్పున సవరాన్ని కూడా ఒకసారి గుంజింది. "సరుకు మంచిదే," అంది మెల్లగా. కోడలి పొట్టి జుట్టు మీద చెయ్యి వేసి, "ఇదీ బాగానే ఉంది. దువ్వే పని తప్పింది," అంది.

జడమ్మ మాత్రం అదేదీ వినలేదు. తువ్వాలు లేని తల మీద చేతులు అడ్డం పెట్టుకుని మొగుడి వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ మీక్కూడా తెలియకుండా దాచుకున్నానండీ. బాత్రూంలో మేకుకు పెట్టినదాన్ని ఏ మహానుభావులు దండెం మీద వేశారో గానీ, ఇంత కొంప ముంచారు!"

వాచీ మేస్త్రి చెవి మీద పట్టుకారు సర్దుకున్నాడు.

"నేనే వేశా. ప్రతి ఆదివారం పెరట్లో ఆరేసి, మళ్ళీ మేకుకు తగిలించేది నేనేగా. ఆరోజు అక్కడ చుట్టాల దుప్పట్లు ఉన్నాయని వరండాలో దండెం మీద వేశా. నీ బాత్రూంలో గాలెక్కడేడ్చింది?"