సున్నా మోతాదు, రెండు రోజుల విశ్రాంతి

లేని వస్తువును వేళకు, వరుసక్రమంలో, సంతకం పుచ్చుకుని మరీ పంచిపెట్టగలిగిన సంస్థకు మాత్రమే పరిపాలన అంటే ఏమిటో తెలిసినట్టు లెక్క. ఉన్నదాన్ని పంచడంలో గొప్పేముంది? కిరాణాకొట్టు వాడూ పంచుతాడు. దోహాలో, ముషైరిబ్ మెట్రో స్టేషనుకు నాలుగడుగుల దూరంలో, ఆరో అంతస్తులో కొలువైన ఒకానొక భవన నిర్వహణ కంపెనీ (ఏసీలు, లిఫ్టులు, కారే పైపులు వగైరా) ఈ ఘనతను గత ఏడాది మార్చి నెలలో సాధించింది.

ఆ కంపెనీలో ఇరవై తొమ్మిదేళ్ళుగా కాగితాలకు నంబర్లు వేస్తున్న డాక్యుమెంట్ కంట్రోలర్, కాకినాడ వాస్తవ్యులు రామకృష్ణారావుగారికి ఆ మార్చిలో కావలసింది ఒక్కటే. ఏప్రిల్ పన్నెండు నుంచి ఇరవై ఒక్క రోజుల సెలవు. కూతురు అపూర్వకు నెలలు నిండుతున్నాయి. పద్దెనిమిదో తారీకు అని డాక్టరమ్మ చెప్పింది. భార్య సీతాలక్ష్మి ఫిబ్రవరిలోనే హైదరాబాదు వెళ్ళిపోయి, కూకట్‌పల్లి ఫ్లాటులో పురిటి ఏర్పాట్లలో తలమునకలుగా ఉంది. రావుగారు దోహా శివారు అల్ వుకైర్ ఫ్లాటులో ఒంటరిగా, పూటకో ఉప్మా చొప్పున రోజులు లెక్కపెడుతున్నారు.

అపూర్వ పుట్టినప్పుడూ ఆయన దోహాలోనే ఉన్నారు. అప్పట్లో కొత్త ఉద్యోగం, సెలవు అడగాలంటే గుండె జారేది. కూతుర్ని మొదటిసారి చూసేసరికి దానికి పదకొండో నెల. ఈ మీసాలాయన ఎవర్రా అన్నట్టు చూసి, కెవ్వుమని ఏడ్చి, మేనమామ చంకెక్కేసింది. ఈసారి మాత్రం బిడ్డ భూమ్మీద పడే వేళకు ఆస్పత్రి వరండాలో తను ఉండి తీరాలని ఆయన పంతం.

సరిగ్గా అప్పుడే కంపెనీకి ఉద్యోగుల మనశ్శాంతి మీద శ్రద్ధ కలిగింది.

సంక్షేమ విభాగం మేనేజరు నూరైన్ హైదరాబాదు టోలీచౌకి అమ్మాయి. కష్టపడే మనిషి, మంచి మనిషి; ఆన్‌లైన్ సెమినార్లు మాత్రం ఒక్కటీ వదలదు. అలాంటి ఒక సెమినార్‌లో, ఎక్కడో చల్లని దేశంలో కూర్చున్న కన్సల్టెంటు ఒకాయన చెప్పింది ఆమెకు తెగ నచ్చింది. మైక్రోడోసింగ్ అట. ఒక రోజు అతి సూక్ష్మమైన మోతాదు, తర్వాత రెండు రోజులు విశ్రాంతి, ఆ విశ్రాంతిలో ఎరుకతో కూడిన ఆత్మపరిశీలన. మళ్ళీ మోతాదు. ఉద్యోగులు వికసిస్తారు. నూరైన్ మూడేళ్ళ లైసెన్సు కొనేసింది, యాప్‌తో సహా. మోతాదు అంటే దేని మోతాదో నాలుగో పేజీలో రాసి ఉంది. నాలుగో పేజీ దాకా ఎవరు చదువుతారు?

న్యాయ విభాగంలో బాసిత్ చదివాడు. (చదవడానికే అతనికి జీతం.) అందులో పుట్టగొడుగులని ఉంది. సూప్‌లో వేసేవేమో అనుకుంది నూరైన్. కావని, తిన్నవాడికి గోడలు ఊపిరి పీలుస్తున్నట్టు కనిపించే రకమని, ఈ దేశంలో అవి పట్టుబడితే మనందరికీ వరసగా కొన్నేళ్ళపాటు విశ్రాంతి దినాలేనని బాసిత్ శాంతంగా వివరించాడు. నూరైన్‌కు ముచ్చెమటలు పోశాయి. లైసెన్సు వాపసు తీసుకోరు, చైర్మన్‌గారి ప్రారంభోపన్యాసం ప్రింటైపోయింది.

గొప్ప పరిపాలకులు ఇక్కడే తేలతారు. మూడు గంటల సమావేశం తర్వాత సర్క్యులర్ వెలువడింది. "కార్యక్రమంలోని పదార్థాన్ని తొలగించడమైనది. మిగతా అంశాలన్నీ యథాతథంగా అమలులో ఉండును. మోతాదు: సున్నా మిల్లీగ్రాములు."

అలా మొదలైంది. మోతాదు రోజున ఉద్యోగి ఉదయం ఎనిమిదిన్నరకు స్టోరు కిటికీ దగ్గర వరుసలో నిలబడాలి. స్టోర్ కీపరు ఒక చిన్న ప్లాస్టిక్ కవరు ఇస్తాడు, అందులో ఏమీ ఉండదు. లోపల ఏమీ లేదని ఇద్దరూ చూసుకుని సంతకం పెట్టాలి. ఖాళీ కవరు తిరిగి ఇచ్చేయాలి. నెలాఖరున స్టాకు సరిచూశారు: రిజిస్టరులో సున్నా, అరలో సున్నా. కంపెనీ చరిత్రలో స్టాకు తేడా రాని మొదటి సరుకు ఇదేనని ఆడిటరు ప్రత్యేకంగా ప్రశంసించాడు.

విశ్రాంతి దినాల విషయంలో మాత్రం చిన్న పొరపాటు జరిగింది. దేశం ఉత్తరపు కొసన మదీనత్ అల్ షమాల్ సైటులో ఏసీ గొట్టాలు బిగించే కార్మికులు, యాప్‌లో 'రేపు విశ్రాంతి దినం' అని చూసి నిజమే అనుకున్నారు. నలభై ఒక్కమంది క్యాంపులో దుప్పటి ముసుగు తన్నారు. ఉదయం ఆరున్నరకల్లా సవరణ సర్క్యులర్ చేరింది. "విశ్రాంతి అనగా మోతాదు నుంచి విశ్రాంతి. డ్యూటీ నుంచి కాదు." ఏడింటికి బస్సు యథాప్రకారం బయల్దేరింది.

ఆ నలభై ఒక్కమందిలో ఒకడు ముత్యం. జగిత్యాల దగ్గరి పల్లె. వారానికోసారి సైటు కాగితాలు పట్టుకుని ముషైరిబ్ ఆఫీసుకు వస్తాడు, రావుగారి బల్ల పక్కన కూర్చుని ఏలకులు వేసి మరిగించిన చిక్కటి కరక్ టీ తాగుతాడు. ఆ వారం ఫోను చేతిలో పట్టుకుని వచ్చాడు.

"సార్, ఇదేందో అడుగుతున్నది. నిన్న నీకేమనిపించింది అంటది. నాకేం కాలె. ఏం రాయాలె?"

"ఏదో ఒకటి రాయవయ్యా. రంగులు కనిపించాయనో, మనసు తేలికైందనో."

"గట్లెట్ల రాస్త సార్? కనబడలె గద. మా ఇంటామె గంగాబాయి నన్ను దుబాయ్‌ల మంచిగున్నవా అంటే మంచిగున్న అని అబద్ధం చెప్త. ఇంక ఫోన్‌కు సుత అబద్ధం చెప్పాల్నా?" అని (వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే), మైకు నొక్కి "ఏం కాలె" అన్నాడు. యాప్ దాన్ని అక్షరాల్లోకి దించుకుంది. ఆ తర్వాత ప్రతి విశ్రాంతి దినానా ముత్యం అదే చెప్పాడు.

రావుగారు అలాంటివారు కారు. ఆయనకు రెండు బలహీనతలున్నాయి. మొదటిది, ఫారంలో ఖాళీ గడి కనబడితే చెయ్యి ఆగదు. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు. రెండోది హోమియోపతి. కాలేజీ రోజుల నుంచి చిన్న తెల్ల మాత్రల మీద ఆయనకు అపారమైన గురి. అల్ వుకైర్‌లో వాళ్ళ బిల్డింగు వాళ్ళందరూ జలుబుకీ దగ్గుకీ ఆయన తలుపే తడతారు. ఆ శాస్త్రం ప్రకారం మందును ఎంత పలచన చేస్తే అంత పవర్. ముప్పై కంటే రెండువందలు ఎక్కువ, రెండువందల కంటే వెయ్యి ఎక్కువ. కాబట్టి ఈ సున్నా మిల్లీగ్రాముల వ్యవహారం చూసి ఆఫీసంతా నవ్వుకుంటున్నప్పుడు, ఆయన మాత్రం కళ్ళజోడు సవరించుకుని ఆలోచనలో పడ్డారు. అసలు లేకపోతే ఇంకెంత పనిచేయాలి?

పైగా సెలవు దరఖాస్తు నూరైన్ బల్ల మీదే ఉంది. ఆమె మనసు గెలిస్తే పని సులువవుతుందని లెక్క వేసుకున్నారు. విజృంభించారు.

"ఉదయం స్టేప్లరును చూశాను. అది అన్ని కాగితాలనూ కలుపుతోంది. నన్ను ఎవరు కలుపుతారు అనిపించి కళ్ళు చెమర్చాయి" అని ఒకరోజు రాశారు. "లిఫ్టు దిగుతుంటే నేను దిగడం లేదు, భవనమే పైకి పోతోంది అని తోచింది" అని ఇంకోరోజు. 'సృష్టితో ఏకత్వం (శాతంలో)' అన్న గడిలో డెబ్బై రెండు వేశారు. ఆపైన, ఎవరూ అడగకపోయినా, సున్నా మోతాదే అత్యంత శక్తిమంతమని హోమియో సూత్రాలతో రుజువు చేస్తూ మూడు పేజీల వ్యాసం జత చేశారు. ఆ రాత నూరైన్ నుంచి చల్లని దేశపు కన్సల్టెంటుకు వెళ్ళింది. అక్కడ ఆయన చిన్నపాటి ప్రసంగమే ఇచ్చాడట.

"రావ్ సాబ్, మీది చదివి ఆయనకు కళ్ళల్లో నీళ్ళొచ్చినయంట! మొత్తం కంపెనీల మీరే నంబర్ వన్" అంది నూరైన్, మొహం వెలిగిపోతూ.

"సంతోషమమ్మా. మరి నా సెలవు?"

నూరైన్ మొహంలో వెలుగు కాస్త తగ్గింది. "అదే ప్రాబ్లం సాబ్. మీ మీద ఎఫెక్ట్ చాలా స్ట్రాంగ్ ఉంది. సడన్‌గా మోతాదు బంద్ చేస్తే డేంజర్. మాన్యువల్‌ల క్లియర్‌గా ఉంది. మెల్లమెల్లగా తగ్గించాలె."

"సున్నాని తగ్గించడం ఏమిటమ్మా?"

"ఎనిమిది వారాలు" అంది నూరైన్.

బాసిత్ సంతకంతో తగ్గింపు పట్టిక కూడా వచ్చింది. మొదటి రెండు వారాలు పూర్తి సున్నా. తర్వాత రెండు వారాలు ముప్పావు సున్నా. ఆపైన అర సున్నా, చివరికి పావు సున్నా. ప్రతి దశకూ వేరే రంగు కవరు. మే నెలాఖరుకు ఉద్యోగి సురక్షితంగా సున్నా నుంచి బయటపడతాడు, అప్పుడు సెలవు పరిశీలించబడును. చెప్పకుండా విమానం ఎక్కితే మళ్ళీ దోహాలో దిగే పని ఉండదని బాసిత్ మర్యాదగానే గుర్తు చేశాడు.

రావుగారి కాళ్ళ కింద నేల కదిలింది. (ఇది యాప్‌లో రాయలేదు.) సిగ్గు విడిచి ఒప్పుకోలు ఉత్తరం రాశారు: నాకు ఏమీ కనిపించలేదు, స్టేప్లరు స్టేప్లరులాగే ఉంది, రాసిందంతా కల్పన, దయచేసి నన్ను పంపండి, నా కూతురికి పురుడు. నూరైన్ అది రెండుసార్లు చదివి నిజంగానే బాధపడింది.

"ఇది డినయల్ రావ్ సాబ్. పేజీ ముప్పై ఒకటి. డీప్ ఎఫెక్ట్ ఉన్నవాళ్ళే ఇట్లా రాస్తారంట" అని, ఉత్తరాన్ని ఆయన ఫైలులో 'ప్రభావానికి అదనపు ఆధారాలు' కింద పెట్టింది. దానికి నంబరు రావుగారే వేయాల్సి వచ్చింది.

అదే వారం ముత్యం కూడా సెలవు పెట్టాడు. యాప్ అతని చరిత్ర చూసింది. 'ఏం కాలె' ఇరవై రెండుసార్లు. "స్పందన లేని ఉద్యోగి. ఎప్పుడైనా ఆపవచ్చు" అని తేల్చి, ఏడు నిమిషాల్లో నలభై రోజులు మంజూరు చేసింది.

ఈ సంగతి చెప్పడానికి ముత్యం తప్పుచేసినవాడిలా వచ్చాడు. "పదిహేడుకు పోతున్న సార్. శంషాబాద్‌ల దిగుడే గద, మీ బిడ్డకు ఏమన్న ఇయ్యాల్నంటే ఇయ్యుండ్రి. ఇంటికాడ ఇచ్చినంకనే మా ఊరి బస్సెక్కుత."

రావుగారు ఖర్జూరం డబ్బా, మెత్తటి తువ్వాళ్ళు, రెండు చిన్న గౌన్లు మూట కట్టారు. ఆడో మగో తెలియదు కదా అని రంగు దగ్గర గంటసేపు తర్జనభర్జన పడి పసుపుపచ్చవి కొన్నారు. ఇచ్చేటప్పుడు మూట ముడి మరోసారి బిగించారు. "జాగ్రత్తయ్యా" అని ఊరుకున్నారు.

పద్దెనిమిదో తారీకు ఉదయం పదింటికి ఫోను మోగింది. తెర మీద ముత్యం మొహం, వెనక ఆస్పత్రి గోడ. ఫ్లాటుకు వెళ్తే తాళం వేసి ఉందట, పక్కింటివాళ్ళు ఆస్పత్రి పేరు చెప్పారట.

"సార్! ఆడపిల్ల! తల్లి మంచిగున్నది, బిడ్డ మంచిగున్నది. మీ ఇంటమ్మ, అల్లుడు మందులు తేవడానికి పోయిన్రు. నర్సమ్మ బయటికి తెచ్చి తాత ఎవరయ్యా అన్నది. తాత డ్యూటీల ఉన్నడమ్మా అన్న. సరే నువ్వే పట్టుకో అని నా చేతుల పెట్టింది. జర సూడుండ్రి."

ఫోను అటూ ఇటూ ఊగింది, ఒక క్షణం ట్యూబ్‌లైటు కనిపించింది, తర్వాత తువ్వాలులో ఎర్రటి చిన్న మొహం. కళ్ళు మూసుకుని, పెదాలు మాత్రం దేనికోసమో వెతుక్కుంటున్నాయి. రావుగారు ఫోనును మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారు. ఆఫీసులో ఉన్నానని గుర్తులేకుండా ఏడ్చేశారు. అంతలో సీతాలక్ష్మి గొంతు వినిపించింది. "ఏమండీ, చూశారా? అచ్చం మీ అమ్మగారి ముక్కే." చూశానన్నారు ఆయన. సిగ్నల్ పోయింది.

కళ్ళు తుడుచుకునేలోపు యాప్ గంట కొట్టింది. ఆ రోజు విశ్రాంతి దినం. ఆత్మపరిశీలనకు గడువు పదకొండింటి దాకానే.

'ఈ రోజు మీ ఎదుట లేని వ్యక్తి ఎవరైనా మీకు స్పష్టంగా కనిపించారా?'

రావుగారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. కార్యక్రమం మొదలైన తర్వాత తొలిసారిగా నిజం రాశారు. "కనిపించింది."

'ఆ వ్యక్తి మీతో మాట్లాడారా?'

"ఇంకా మాటలు రావు."

'తాకగలిగారా?'

"లేదు."

నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. "అభినందనలు. మీపై ప్రభావం గతంలో కంటే తీవ్రంగా ఉన్నది. మీ తగ్గింపు ప్రక్రియ మొదటి వారం నుంచి తిరిగి ప్రారంభించబడినది."